ఎంత సంగటి?

శ్రోతలందరికీ నమస్కారం.

నేను డాక్టర్ని కాను. ముందే చెప్పేస్తే నాకూ తేలిక, మీకూ తేలిక. శాఖా గ్రంథాలయాల్లో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైనదాన్ని. షుగర్ బయటపడి నాలుగేళ్ళయింది. టైప్ 2. ఆ జబ్బు గురించి చెప్పడానికి నాకన్నా తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. అది బయటపడ్డ మర్నాటి నుంచి మన మీద వచ్చి పడే సలహాల గురించి మాత్రం నేనూ కాస్త మాట్లాడగలను. వాటిలో ఏది పట్టుకోవాలి, ఏది వదిలేయాలి? ఈ పూట అదీ సంగతి. అన్నట్టు, ఇక్కడికి బయల్దేరే ముందు ఇంట్లో సంగటి తినే వచ్చాను. ఈ సంగతికీ ఆ సంగటికీ ఉన్న సంబంధం కాసేపట్లో మీకే తెలుస్తుంది.

కళ్ళద్దాలు మార్పించుకుందామని వెళితే, ఆ డాక్టరు ఎందుకైనా మంచిదని రక్తపరీక్ష రాశారు. రిపోర్టులో హెచ్‌బీఏ1సీ అన్నచోట 8.2 అని ఉంది. అది 6.5కి చేరితే చాలు, షుగర్ కిందే లెక్క. మన ఎర్రరక్తకణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి. వాటికి అంటుకున్న చక్కెరను బట్టి, గడిచిన రెండు మూడు నెలల్లో మన షుగర్ సగటున ఎలా ఉందో ఆ పరీక్ష చెప్పేస్తుంది. పరీక్షకు ముందు రెండ్రోజులు స్వీట్లు మానేసి దాన్ని మోసం చేయలేం. నేను ప్రయత్నించాను లెండి, తర్వాతిసారి.

షుగర్ డాక్టరు దగ్గర నా టోకెన్ 43. లోపల నాలుగు నిమిషాలు. "షుగర్ ఉందమ్మా, భయపడాల్సిందేం లేదు. పొద్దున, రాత్రి తిన్నాక ఈ మాత్ర వేసుకోండి. అన్నం తగ్గించండి. మూడు నెలలకు రండి." నేను ఆయన్ని తప్పుపట్టడం లేదు. బయట ఇంకా ముప్పైమంది కూర్చుని ఉన్నారు. 2023లో అచ్చయిన భారత వైద్య పరిశోధన మండలి సర్వే ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైచిలుకు. అందరికీ అరగంట చొప్పున ఇవ్వాలంటే ఏ డాక్టరు వల్ల అవుతుంది?

అన్నం తగ్గించండి అన్నారు. ఎంత తగ్గించాలి? నేను అడగలేదు. సరేనండీ అని లేచి వచ్చేశాను. ఆ అడగని ఒక్క ప్రశ్న చుట్టూనే తర్వాత కథంతా నడిచింది.

షుగర్ వచ్చిందని తెలియగానే మనవాళ్ళు అడిగే మొదటి మాట ఏమిటి? "ఎంతుంది?" పెళ్ళిలో, బస్సులో, కూరగాయల బండి దగ్గర, ఎక్కడైనా అదే. "ఎంతుంది?" మనం చెప్పాక వెంటనే సలహా వస్తుంది. మెంతులు నానబెట్టి తాగు. నేరేడు గింజల పొడి తెప్పించుకో. కాకరకాయ రసం పరగడుపున తాగు. పొడపత్రి నమిలితే తీపి రుచే తెలియదు. షుగర్ ఎంతుంది అని అడిగినవాళ్ళెవరూ, మెంతులు ఎన్ని అనేది చెప్పరు. మనమూ అడగం.

నాకొచ్చిన సలహాల్లో నన్ను నిలువునా ముంచింది రాగి సంగటి. మాది సీమ. రాగి మా ఇంటి దేవత. దాన్ని అనుమానించాలని ఎవరికి తోస్తుంది? మా ఆడపడుచు వాట్సాప్‌లో ఒకటి పంపింది. "నలభై రోజులు రాగి సంగటి తినండి, షుగర్ మాత్రలకు సెలవు చెప్పండి. అమెరికా డాక్టర్లే ఒప్పుకున్నారు." కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. ఫోన్ కూడా చేసింది. "వదినా, రాగి కదా, మనమ్మ చేతి తిండి. ఇంకేం చూస్తావు?"

నేనేం చూడలేదు. మాత్ర మానలేదు, అదొక్కటే చేసిన మంచి పని. మధ్యాహ్నం అన్నం తీసేసి సంగటి మొదలుపెట్టాను. రోజూ రెండు ముద్దలు, పుల్లగూర, చెనక్కాయ చట్నీ. కడుపు నిండా తిన్నాను, పైగా పుణ్యం చేసినట్టు తిన్నాను. అన్నం తిన్నప్పుడు తప్పు చేస్తున్నట్టుండేది. సంగటికి ఆ బాధ లేదు.

మూడు వారాలయ్యాక మా అబ్బాయి గ్లూకోమీటరు కొనిచ్చాడు. ఒక మధ్యాహ్నం తినే ముందు వేలు గుచ్చి చూశాను. 132. తినడం మొదలుపెట్టిన టైము గోడ మీది క్యాలెండరులో రాసుకున్నాను. సరిగ్గా రెండు గంటలకు మళ్ళీ చూశాను. 241. మిషన్ చెడిపోయిందనుకున్నాను. మర్నాడు మళ్ళీ చూశాను. 236.

రాగి మోసం చేసిందా? నాకు కోపం కన్నా అవమానం ఎక్కువైంది. ముప్పై ఏళ్ళు పుస్తకాల మధ్య బతికినదాన్ని. కొత్త పుస్తకం చేతికొస్తే నేను అట్ట చూడను, లోపలి పేజీ తిప్పుతాను. ఎవరు రాశారు, ఎవరు వేశారు, ఏ సంవత్సరం, ఎన్నో ముద్రణ. అవి లేకపోతే రిజిస్టరులోకే ఎక్కించలేం. మరి ఈ వాట్సాప్ కాగితానికి లోపలి పేజీ ఏది? ఆడపడుచుని అడిగాను, నీకెవరు పంపారని. వాళ్ళ అపార్ట్‌మెంటు గ్రూపులో వచ్చిందట. ఆ పెట్టినామెకు వాళ్ళ మరిది పంపాడట. మరిదికి పెళ్ళిచూపులకు వెళ్ళినచోట ఎవరో పంపారట. అక్కడితో తాడు తెగింది. అమెరికా డాక్టర్లు మాత్రం ఎక్కడా తగల్లేదు.

అప్పుడు నా పాత పద్ధతిలో వెతికాను. హైదరాబాదు తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదుకు వచ్చింది. మన దేశంలో మనం తినే బియ్యం, పప్పులు, ఆకుకూరలు, చేపలు తెప్పించి పరీక్షించి, దేంట్లో ఏముందో 2017లో పట్టికలు వేశారు వాళ్ళు. మా మేనకోడలు హోంసైన్సు చదువుతోంది, దాని దగ్గర ఆ పుస్తకం ఉంది. ఫోన్లో చదివి వినిపించమన్నాను. 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పిండిపదార్థం 78 గ్రాములు. 100 గ్రాముల రాగుల్లో సుమారు 67. పీచు బియ్యంలో 3 గ్రాముల లోపు, రాగుల్లో 11. కాల్షియం విషయంలో రాగికీ బియ్యానికీ పోలికే లేదు. అంటే రాగి మంచిదన్నది అబద్ధం కాదు. మంచిదే. మరి 241 ఎక్కణ్ణుంచి వచ్చింది?

వంటింట్లోకి వెళ్ళి, పండగ పిండివంటలకు కొన్న చిన్న తూకం తీశాను. సంగటికి నేను ఏమేం వేస్తున్నానో తూచాను. సీమవాళ్ళకు తెలుసు, సంగటి అంటే ఒట్టి రాగిపిండి కాదు. ముందు బియ్యం మెత్తగా ఉడికించి, అందులో పిండి పోసి, సంగటి కట్టెతో గెలుకుతాం. తూస్తే బియ్యం 100 గ్రాములు, పిండి 150. దానికి నాలుగు ముద్దలు. నేను తిన్నవి రెండు, అంటే బియ్యం 50, పిండి 75. లెక్క వేశాను. బియ్యం తాలూకు 39, రాగి తాలూకు 50. మొత్తం 89 గ్రాముల పిండిపదార్థం. అంతకుముందు పూటకు నేను తింటున్న అన్నం 100 గ్రాముల బియ్యం, అంటే 78.

విన్నారుగా. అన్నం మానేసి, అన్నం కన్నా ఎక్కువ పిండిపదార్థం తింటున్నాను. అదీ మెత్తగా గెలికి, నమిలే పనే లేకుండా. మెత్తగా ఉడికిన పిండి తొందరగా అరుగుతుంది, అరిగినంత తొందరగానే చక్కెర రక్తంలోకి దిగుతుంది. ఇందులో రాగి తప్పేముంది? నన్ను ముంచింది, ఆ మెసేజీలో లేని ఒక్క మాట. ఎంత? రాగి సంగటి తినండి అన్నారు. ఎంత తినాలి? షుగర్ తగ్గుతుందన్నారు. ఎంత తగ్గుతుంది? ఎంతమందికి తగ్గింది? దేనికీ జవాబు లేదు.

అప్పటి నుంచి నా గీటురాయి అదే. ఎవరేం చెప్పినా, డాక్టరైనా, మా ఆడపడుచైనా, "ఎంత?" అని అడుగుతాను. పరీక్ష చేసి చూసినవాళ్ళ దగ్గర జవాబుంటుంది. లేనివాళ్ళు కోప్పడతారు.

ఒకటి రెండు చెబుతాను, టైము చూసుకుంటూ. షుగర్ మాత్రలు కిడ్నీలు పాడుచేస్తాయని నాకు కనీసం ఆరుగురు చెప్పారు. నాకు రాసిన మాత్ర మెట్‌ఫార్మిన్. ఫ్రాన్సులో 1957 నుంచి వాడుతున్నారు. దాని పుట్టుక వెనక గలేగా అనే ఒక మొక్క ఉంది, కాబట్టి మూలికలే మేలనేవాళ్ళు దీన్ని మరీ పరాయిదానిగా చూడక్కర్లేదు. కిడ్నీలను దెబ్బతీసేది ఏళ్ళ తరబడి అదుపు తప్పిన షుగర్, బీపీ. అయితే ఆ పుకారు వెనక ఓ ముక్క నిజముంది. కిడ్నీలు ముందే బలహీనపడ్డవాళ్ళకు ఈ మందు తగ్గిస్తారు. ఎంత బలహీనం? రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం ఎంతుందో చూసి, కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో ఈజీఎఫ్ఆర్ అని లెక్క కడతారు, అది 30 లోపు పడిపోతే ఈ మందు వాడరు. ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో బి12 విటమిన్ తగ్గొచ్చు, అదీ అడిగి చూపించుకోవచ్చు. ఇలా అంకెతో చెబితే భయం కాస్తా పనిగా మారుతుంది. రిపోర్టు తీసి ఆ అంకె వెతుక్కుంటాం.

ఇంకోటి. షుగర్ పూర్తిగా పోతుంది అనేవాళ్ళు. ఇందులోనూ ఓ ముక్క నిజముంది. బ్రిటన్‌లో గ్లాస్గో, న్యూకాజిల్ విశ్వవిద్యాలయాల వాళ్ళు చేసిన పరిశోధన ఒకటి 2017లో వచ్చింది. షుగర్ వచ్చి ఆరేళ్ళ లోపే అయిన, బరువు ఎక్కువున్న, ఇన్సులిన్ మీద లేనివాళ్ళను తీసుకున్నారు. వైద్యుల కనుసన్నల్లో రోజుకు సుమారు 850 క్యాలరీల ద్రవాహారంతో మూడు నుంచి ఐదు నెలలు ఉంచారు. ఏడాది తిరిగేసరికి నూటికి 46 మందికి మందుల్లేకుండానే హెచ్‌బీఏ1సీ 6.5 లోపు నిలిచింది. రెండో ఏడాదికి 36 మంది మిగిలారు. 15 కిలోలు, అంతకు మించి తగ్గినవాళ్ళలో ఎక్కువమందికి ఫలితం దక్కింది. చూడండి, ఎవరికి, ఎంత, ఎంతకాలం, అన్నీ ఉన్నాయి. అందరికీ పోతుందని వాళ్ళెక్కడా అనలేదు. మన ఊళ్ళో గోడల మీద మాత్రం గ్యారంటీ అని రాస్తారు. షుగర్ నయం చేస్తామని ప్రకటన ఇవ్వడాన్నే 1954 నాటి చట్టం నిషేధించింది. ఆ గోడలకు సున్నం కొట్టించేవాళ్ళే కరువు.

ఒక్క హెచ్చరిక. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళు వీడియో చూసి తిండి మానేయకండి. షుగర్ 70 కన్నా కిందికి పడిపోతే చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం, మరీ దిగితే స్పృహ తప్పడం. ఉపవాసం ఉండాలనుకుంటే ముందు మాత్ర సంగతి డాక్టరుతో తేల్చుకోండి.

ఇక మీరు ఇంట్లో చేసుకోగలిగిన పని ఒకటే చెప్పి ముగిస్తాను. ఫలానాది తింటే మంచిదని ఎవరైనా చెబితే, వాళ్ళతో వాదించకండి. తినే ముందు ఒకసారి, తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు ఒకసారి షుగర్ చూసుకోండి. తిన్నది ఏమిటి, ఎంత, రెండు అంకెలు. నోటుబుక్కులో ఒక్క వరస. రోజూ అక్కర్లేదు, స్ట్రిప్పులు ఊరికే రావు. కొత్త సలహా వచ్చినప్పుడు రెండు మూడు సార్లు చాలు. గుచ్చుకునే ముందు చేతులు సబ్బుతో కడుక్కుని తడి లేకుండా తుడుచుకోండి. మనవడికి మామిడిపండు కోసిచ్చి, అదే చేత్తో గుచ్చుకుంటే నాకు 298 చూపించింది. ఇల్లంతా టెన్షన్. కడుక్కుని మళ్ళీ చూస్తే 164. ఆ 298 మామిడిపండుది, నాది కాదు.

ఆ నోటుబుక్కు పట్టుకుని రెండోసారి డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఈసారి టోకెన్ 51. అదే నాలుగు నిమిషాలు. కానీ ఈసారి అడిగాను. "డాక్టరు గారూ, అన్నం తగ్గించమన్నారు. ఎంత?" ఆయన నా పుస్తకం తీసుకుని, అందులోనే పెన్నుతో ఒక కంచం గీశారు. సగం గీత కొట్టి, ఇది కూర, ఆకుకూర అన్నారు. మిగతా సగాన్ని మళ్ళీ రెండు చేసి, ఒకటి పప్పో గుడ్డో, ఒకటి అన్నమో సంగటో. "ఏది తిన్నా ఈ పావు దాటొద్దమ్మా. తిన్నాక 180 లోపు ఉంచుదాం." ఆ పేజీ ఇప్పటికీ మా ఫ్రిజ్ మీద అంటించి ఉంది.

సంగటి మానలేదు. ఇప్పుడు ఒకే ముద్ద, పక్కన గంపెడు ఆకుకూర, గిన్నెడు పప్పు. ఆ కొలతతో తిన్న మొదటి రోజు నా పుస్తకంలో ఉంది. ముందు 128, తర్వాత 171. ఆడపడుచుకు ఫోటో తీసి పంపాను. "చూశావా వదినా, రాగి పనిచేసింది" అని జవాబిచ్చింది.

ఇవాళ మాత్రం ఓ కొత్త ప్రయోగం. బియ్యం బదులు కొర్రలు వేసి గెలికాను. ముద్ద అంతే, కూర అంతే. గోడ గడియారం చూస్తే తినడం మొదలుపెట్టి గంటా యాభై నిమిషాలైంది. మీటరు సంచిలోనే ఉంది. ఇక్కడ చేతులు కడుక్కునే చోటెక్కడో అడగాలి. సెలవు, నమస్కారం.