అంటార్కిటికాలో కొబ్బరికాయ: భక్తా, బడాయా?

(కాకినాడ స్టూడియోలో జరిగిన చర్చకు అక్షరరూపం. పాల్గొన్నవారు: అంటార్కిటికా వెళ్లొచ్చిన అమలాపురం పిల్లల డాక్టరు, అంతర్వేది దగ్గర ఒక ఊరి మాజీ ప్రెసిడెంటు, రిటైరైన జువాలజీ లెక్చరర్, రాజమండ్రి ట్రావెల్స్ యజమాని. ఎవరికెంత సేపు దక్కిందో చదువుతుంటే మీకే తెలుస్తుంది.)

మోడరేటర్: నమస్కారం. కొన్నాళ్లుగా కోనసీమ వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే వీడియో. వెనకాల మంచుకొండలు, ఎర్ర కోటులో మన డాక్టరుగారు, చేతిలో కొబ్బరికాయ. కింద ‘మంచుఖండంలో కోనసీమ’ అని రాశారు. కొందరు శభాష్ అన్నారు, కొందరు పెంగ్విన్ల ముందు కొబ్బరికాయలు కొడతారా అని తిట్టిపోశారు. ఇవాళ రెండు పక్షాలకీ సమానంగా సమయం. డాక్టరుగారూ, సూటిగా అడుగుతున్నాను. ఇక్కడే పాపికొండలున్నాయి, కోరింగ ఉంది. అంత దూరం ఎందుకండీ?

డాక్టరు: ముందు ఆ కొబ్బరికాయ సంగతి చెప్పాలండి. అది మంచు మీద కొట్టలేదు. ఓడలోనే...

మాజీ ప్రెసిడెంటు: ఓడలో కొడితే మాత్రం? ఓడ ఉన్నది ఎక్కడండి, అంటార్కిటికాలో కాదా?

డాక్టరు: ఓడ వంటగదిలో అండి. వంటాయనే కత్తితో పగలగొట్టాడు. ఒడ్డుకి తినే వస్తువేదీ తీసుకెళ్లనివ్వరు. దిగేముందు జేబులు, బ్యాగుల మడతలు, చెప్పుల పట్టీలు అన్నీ వాక్యూమ్ పెట్టి దులుపుతారు, గడ్డి గింజ ఒకటి కూడా పోకూడదని. బూట్లు మందు నీళ్లలో కడిగాకే పడవ ఎక్కనిస్తారు, తిరిగొచ్చాక మళ్లీ కడుగుతారు.

మాజీ ప్రెసిడెంటు: మరి అర్జెంటీనా కస్టమ్స్ వాళ్లు మన కాయని ఎలా వదిలారండి? నాకది చెప్పండి.

డాక్టరు: అంటే... అది ఇక్కడి నుంచి తీసుకెళ్లింది కాదండి. బ్యూనస్ ఎయిర్స్ బజార్లో కొన్నాను.

మాజీ ప్రెసిడెంటు: ఆయ్! ఇన్నారా? మన కోనసీమ కాయే కాదంట! మన పేరు పెట్టి ఎవడి కాయో చూపించారు. ఇక్కడ దింపు కూలీ కూడా గిట్టక కాయలు చెట్టునే ముదిరిపోతుంటే...

మోడరేటర్: కొబ్బరి రేటు మీద ఇంకోరోజు పెడదాం ప్రెసిడెంటుగారూ.

మాజీ ప్రెసిడెంటు: ఎప్పుడూ ఇంకోరోజే. తీర్థాలకి మన కాయ, టీవీలో మన కాయ, రేటు దగ్గరికొచ్చేసరికి మాత్రం తమిళనాడు కాయ.

[రేటు మీద ఇంకా కొంతసేపు మాట్లాడారు. ఇక్కడ ఇవ్వడం లేదు.]

మోడరేటర్: మేడం, మీరు చెప్పండి. కొబ్బరికాయ తీసుకెళ్లడం నేరమా?

జువాలజీ మేడం: 2022లో మన పార్లమెంటు అంటార్కిటికా చట్టం చేసిందండి. పరాయి మొక్కలు, జంతువులు, సూక్ష్మజీవులు అక్కడికి చేరకూడదని అందులో ఉంది. కొబ్బరి విత్తనమే. ఆ చలిలో మొలవదు, నిజమే. కానీ పీచులో ఏ పురుగు గుడ్లు ఉంటాయో ఎవరికి తెలుసు? ఇప్పుడు అసలు భయం బర్డ్ ఫ్లూ. 2023 అక్టోబరులో అంటార్కిటికా దారిలో ఉన్న సౌత్ జార్జియా దీవి పక్షుల్లో కనపడింది, 2024 ఫిబ్రవరికల్లా అంటార్కిటికా ప్రధాన భూభాగం మీద కూడా తేలింది. అందుకే ఇప్పుడు నేల మీద కూర్చోకూడదు, మోకాలు ఆనించకూడదు, బ్యాగు కింద పెట్టకూడదు.

డాక్టరు: అవునండి. ఫొటో కోసం ఒకాయన మోకాలు ఆనించబోతే గైడు అక్కడికక్కడే ఆపేశారు.

మాజీ ప్రెసిడెంటు: బర్డ్ ఫ్లూకి అంత దూరమెందుకండి! 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో రాలేదా? కోళ్లు గుట్టలు గుట్టలుగా పోయాయి. అప్పుడెవరు చర్చ పెట్టారు?

మోడరేటర్: మేమే పెట్టామండి.

మాజీ ప్రెసిడెంటు: నన్ను పిలవలేదుగా.

మోడరేటర్: సరే. ట్రావెల్స్ నుంచి వచ్చినవారు ఇందాకట్నుంచీ మాట్లాడలేదు. మీ కరపత్రం నా చేతిలో ఉంది. ఒకే మంచుగడ్డ మీద తెల్ల ఎలుగుబంటి, పెంగ్విను పక్కపక్కనే నిలబడ్డాయి. నిజంగా అలా ఉంటాయా?

ట్రావెల్స్: అది ప్రింటింగు ప్రెస్సు వాళ్లు చేశారండి. ఎలుగుబంటి ఉత్తరాన, పెంగ్విన్లు దక్షిణాన. మా దగ్గర రెండు టూర్లూ ఉన్నాయి. ఉత్తరం వైపు నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ అండి. ఓస్లో నుంచి విమానంలో లాంగియర్‌బైన్ దిగి అక్కడ ఓడెక్కాలి. దక్షిణానికైతే అర్జెంటీనా చిట్టచివర ఉషువాయా నుంచి. నవంబరు నుంచి మార్చి వరకే సీజను. మనిషికి పది లక్షల పైమాటే అవుతుంది. వాయిదాల పద్ధతి కూడా...

మోడరేటర్: పది లక్షలు! ఆ డబ్బుతో పాపికొండలు ఎన్నిసార్లు వెళ్లిరావచ్చు డాక్టరుగారూ?

డాక్టరు: పాపికొండలు నేను వెళ్లానండి, చాలాసార్లు. దానికీ దీనికీ పోటీ ఏంటి?

మోడరేటర్: ప్రేక్షకులు అడుగుతున్నారు మరి.

[ప్రేక్షకులు అడిగినట్టు తెర మీద ఎక్కడా కనపడలేదు.]

డాక్టరు: చిన్న ఓడ ఎందుకు ఎంచుకున్నానో చెప్తానండి, అది ఎవరూ అడగట్లేదు. అంటార్కిటికా టూర్లు నడిపే కంపెనీలు కొన్ని కలిసి 1991లో ఐఏఏటీవో అని సంఘం పెట్టుకున్నాయి. ఒక చోట ఒకసారికి వంద మందికి మించి ఒడ్డు మీద ఉండకూడదని వాళ్ల నియమం. 500 మందికి పైన ప్రయాణికులున్న ఓడైతే అసలు ఎవరినీ దింపకూడదు. ఆ పెద్ద ఓడలో వెళ్తే కిటికీలోంచి చూసి రావడమే. మాది రెండొందల లోపు ఓడ. రబ్బరు పడవల్లో పదేసి మందిని దింపుతారు. పెంగ్వినుకి అయిదు మీటర్ల దూరంలో ఉండాలి. అదే మన దగ్గరికొస్తే కదలకుండా నిలబడాలి, దాని దారికి అడ్డం పోకూడదు. జెంటూలు, చిన్‌స్ట్రాప్‌లు అని పెంగ్విన్లలోనే రకాలు, వేల సంఖ్యలో. ఒడ్డు ఇంకా కాస్త దూరం ఉందనగానే వాసన తగుల్తుంది, మన ఉప్పాడలో ఎండు రొయ్యలు ఆరబోసినట్టే. అవి తినేది క్రిల్ అనే రొయ్యల్లాంటి జీవుల్ని. వాటి రెట్ట కూడా గులాబీ రంగులో...

మాజీ ప్రెసిడెంటు: పది లక్షలు పెట్టి రెట్ట చూసొచ్చారు.

[నవ్వులు. డాక్టరు హంప్‌బ్యాక్ తిమింగలాల గురించి ఏదో మొదలుపెట్టారు, నవ్వుల్లో పోయింది.]

మోడరేటర్: భద్రత సంగతి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగిన ఘోరం మనం మర్చిపోలేదు. నదిలోనే అలా ఉంటే మంచు సముద్రంలో చిన్న ఓడ ఎంతవరకు క్షేమం?

డాక్టరు: మంచి ప్రశ్న. 2007 నవంబరులో ఎక్స్‌ప్లోరర్ అనే చిన్న ఓడే సౌత్ షెట్లాండ్ దీవుల దగ్గర మంచు తగిలి మునిగిపోయింది. ఓడలో ఉన్న 154 మందీ లైఫ్‌బోట్లలో దిగారు. కొన్ని గంటల తర్వాత నార్వే ఓడ నోర్డ్‌నోర్గే వచ్చి అందరినీ ఎక్కించుకుంది. అందరూ బతికారు. లైఫ్ జాకెట్లు, లైఫ్‌బోట్లు, దగ్గర్లో ఇంకో ఓడ ఉండటం, ఇవన్నీ కలిసొచ్చాయి. మాకు మొదటిరోజే డ్రిల్ చేయించారు. ఆ తర్వాత దక్షిణ అమెరికాకీ అంటార్కిటికాకీ మధ్య ఉండే డ్రేక్ జలసంధి, వెళ్లేటప్పుడు రెండు రోజులు, వచ్చేటప్పుడు రెండు రోజులు. చాలామంది మంచం దిగలేదు.

మోడరేటర్: మరి ఆ బాధ లేకుండా పాపికొండల్లో ఏసీ బోటులో...

జువాలజీ మేడం: నేనొక మాట చెప్పొచ్చాండీ? అందరూ ఓడ పొగ గురించి అడగాలి. 2011 నుంచి అంటార్కిటికా నీళ్లలో మురికి చమురు, హెవీ ఫ్యూయల్ ఆయిల్, నిషేధం. అయినా మసి తప్పదు. 2022లో ఒక పరిశోధన వచ్చింది. ఓడల మసి పడి మంచు నల్లబడితే ఎండని పీల్చి తొందరగా కరుగుతుంది. అలా సగటున ఒక్కో యాత్రికుడి వల్ల సుమారు 83 టన్నుల మంచు...

మాజీ ప్రెసిడెంటు: ఎంత? ఎంత?

జువాలజీ మేడం: 83 టన్నులు, సుమారుగా. కానీ వినండి, అది పైపొర మంచు. భూమి వేడెక్కడం వల్ల పోయేదాంతో పోలిస్తే ఇది...

మాజీ ప్రెసిడెంటు: ఆగండాగండి! 83 టన్నులు! ఈయనొక్కడే! భార్యాభర్తలిద్దరూ వెళ్లారు కదా, 166 టన్నులు! ఆ నీళ్లు ఎక్కడికొస్తాయండి? మా ఒడ్డుకొస్తాయి. ఉప్పాడ రోడ్డు ఎన్నిసార్లు కోసిందో చూశారా? ఇళ్లు పోయాయి, గుళ్లు పోయాయి. అంతర్వేది దగ్గర మా సరుగుడు తోట సగం సముద్రంలో ఉంది. 1996 నవంబరు 6 తుపాను రాత్రి నేను తాటిచెట్టు పట్టుకుని బతికాను. ఈయన మంచు కరిగించొచ్చి మనకి వీడియో పంపిస్తాడు!

డాక్టరు: నేను కరిగించడమేంటండీ...

మాజీ ప్రెసిడెంటు: మేడం చెప్పారు. 83 టన్నులు. పరిశోధన!

జువాలజీ మేడం: నేనలా అనలేదు. ఉప్పాడ కోతకి ఆ మంచు ఒక్కటే కారణం కాదు. నీటిలో తేలే మంచు కరిగితే మట్టం పెరగదు, నేల మీద ఉన్న మంచు కరిగి సముద్రంలో చేరితేనే పెరుగుతుంది. పైగా మన డెల్టా కుంగుతోంది. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడు, దాని పైన ఇంకెన్నో డ్యాములు వచ్చాయి. ఒండ్రు వాటి వెనకే ఆగిపోతోంది. సముద్రం కోసుకుపోయినదాన్ని నింపే మట్టి రావట్లేదు.

మాజీ ప్రెసిడెంటు: కాటన్ దొరని ఏమీ అనకండి! ఆయన విగ్రహానికి దండ వెయ్యందే మా ఊళ్లో నారు వెయ్యం!

జువాలజీ మేడం: ఆయన్ని అన్లేదండి...

[ముగ్గురూ ఒకేసారి. మోడరేటర్ బల్ల కొట్టారు.]

మోడరేటర్: విరామం తర్వాత కలుద్దాం.

[విరామం]

మోడరేటర్: మళ్లీ స్వాగతం. డాక్టరుగారూ, అక్కడి మన భారతీయ పరిశోధన కేంద్రాలు మైత్రి, భారతి చూశారా? లేక విదేశీ ఓడలో తిరిగొచ్చేశారా?

డాక్టరు: అవి తూర్పు అంటార్కిటికాలో ఉన్నాయండి. ఉషువాయా ఓడలు వెళ్లేది దక్షిణ అమెరికాకి ఎదురుగా ఉన్న ద్వీపకల్పానికి. మధ్యలో వేల కిలోమీటర్లు. చాలామంది ఇదే అడుగుతున్నారు.

మాజీ ప్రెసిడెంటు: మనవాళ్లని చూడలేదు, మన కాయ తీసుకెళ్లలేదు. మరి మన పేరెందుకు పెట్టినట్టు?

ట్రావెల్స్: స్వాల్‌బార్డ్‌లో అయితే మన హిమాద్రి పరిశోధన కేంద్రం ఉందండి, 2008లో పెట్టారు. అక్కడ 2025 నుంచి కొత్త రూల్సు. రక్షిత ప్రాంతాల్లో తిరిగే ఓడలో 200 మందికి మించకూడదు. ఎలుగుబంటికి కనీసం 300 మీటర్ల దూరం, మార్చి నుంచి జూన్ దాకా 500. మంచి బైనాక్యులర్సు మేమే ఇస్తాం.

మోడరేటర్: మన కోరింగలో అయితే నీటిపిల్లి, అదే ఫిషింగ్ క్యాట్, ఉంది. హోప్ ఐలాండ్‌కి తాబేళ్లొస్తాయి. బైనాక్యులర్సు కూడా అక్కర్లేదు.

జువాలజీ మేడం: నీటిపిల్లి రాత్రిపూట తిరుగుతుందండి, పగటి బోటులో వెళ్తే కనపడటం కష్టం. అసలు నేను చెప్పాలనుకున్నది క్రిల్ గురించి. పెంగ్విన్లు, తిమింగలాలు బతికేది దాని మీద. దాన్ని ట్రాలర్లు పట్టుకుపోతున్నాయి, ఆ ప్రాంతానికి ఏడాదికి 6,20,000 టన్నుల హద్దు పెట్టారు. దాని పొడి ఎక్కడికెళ్తోంది? చేపల మేతలో, కొన్ని రకాల రొయ్యల మేతలో. రొయ్యల చెరువులు ఎక్కువున్న డెల్టా మనది. ఓడెక్కని వాళ్లకి కూడా అంటార్కిటికాతో సంబంధం ఉండొచ్చు. ప్రెసిడెంటుగారూ, మీ చెరువుల్లో వేసే మేత బస్తా మీద ఏం రాసుందో...

మాజీ ప్రెసిడెంటు: నా చెరువులు లీజుకిచ్చానండి. మేత సంగతి నన్నడక్కండి. రొయ్యల రైతు ఇప్పటికే చచ్చిపోతున్నాడు, అమెరికావోడి సుంకాలు ఒక పక్క, కరెంటు ఒక పక్క. ఇప్పుడు పెంగ్విన్ల పాపం కూడా మా నెత్తిన పెడతారా? పెంగ్విను కోసం మేం రొయ్యలు మానేయాలా?

జువాలజీ మేడం: మానేయమనట్లేదు, బస్తా చూడమంటున్నా...

మాజీ ప్రెసిడెంటు: 83 టన్నులు కరిగించిందెవరు? దానికి సమాధానం రాలేదు. రాత్రి తొమ్మిదయింది, ఇంకా రాలేదు.

[స్టూడియోలో కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టారు. క్రిల్ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.]

డాక్టరు: నాదొక్క మాట. విమానాల పొగ కూడా కలుపుకుంటే నా ప్రయాణం తేలిగ్గా ఏం లేదు, ఒప్పుకుంటాను. కానీ అక్కడికి వెళ్లకముందు మంచు కరుగుతోందంటే నాకు పేపర్లో వార్త. హిమానీనదం అంచు విరిగి పడుతున్న చప్పుడు విన్నాక...

మాజీ ప్రెసిడెంటు: మా ఇల్లు పడిన చప్పుడు మేం విన్నాం!

మోడరేటర్: బాగా చెప్పారు ప్రెసిడెంటుగారూ. సమయం అయిపోతోంది. డాక్టరుగారూ, ఒక్క మాటలో: పాపికొండలా, అంటార్కిటికానా?

డాక్టరు: ఒక్క మాటలో ఎలా చెప్తానండీ? వెళ్లేవాళ్లు కనీసం చిన్న ఓడలో వెళ్లండి, ఒడ్డుకి ఎంతమందిని దింపుతారో అడగండి, ఏ చమురు కాలుస్తారో...

మాజీ ప్రెసిడెంటు: పాపికొండలే! రాసుకోండి, పాపికొండలే!

మోడరేటర్: పాపికొండలే అంటున్నారు. రెండు పక్షాలూ విన్నాం. ధన్యవాదాలు. రేపు ఇదే సమయానికి ‘పులస రేటు ఎవరు పెంచారు’.

మాజీ ప్రెసిడెంటు: దానికి నన్ను పిలవండి.