రేపు పొద్దున్నే బయల్దేరాలి, ఇప్పుడు స్టిక్కర్ అతికించొచ్చా?

యాంకర్: నమస్కారం. శనివారం సాయంత్రం ఏడు దాటింది, మన ఫోన్-ఇన్ మొదలైంది. ఈ వారం విషయం బండి మీద, హెల్మెట్ మీద యాక్షన్ కెమెరా, అంటే కదులుతూ వీడియో తీసే చిన్న కెమెరా, బిగించుకోవడం. మనతో ఉన్నది బెజవాడ మాస్టారు. ఐటీఐలో మోటార్ మెకానిక్ పాఠాలు చెప్పి రిటైరయ్యారు, ఇప్పుడు హెల్మెట్ల షాపు నడుపుతున్నారు. నమస్కారం మాస్టారూ.

మాస్టారు: నమస్కారం. ముందే ఒక మాట. ఏ కంపెనీ కెమెరా కొనాలని మాత్రం నన్నడగొద్దు. కొన్నదాన్ని ఊడిపోకుండా ఎలా బిగించాలో చెప్తాను.

యాంకర్: సరే, మొదటి కాల్ వరంగల్ నుంచి. చెప్పు తమ్ముడూ.

కాలర్: అన్నా నమస్తే, సార్ నమస్తే. రేపు పొద్దున ఐదింటికి మా ఫ్రెండ్స్‌తో లక్నవరం పోతున్నం. పోయిన వారం హెల్మెట్ నెత్తి మీద కెమెరా నిలిపే మౌంట్ స్టిక్కర్‌తో అతికించిన సార్. ములుగు రోడ్డులో స్పీడ్ బ్రేకర్ ఎక్కంగనే ఊడి కింద పడ్డది. స్క్రీన్ మీద గీత పడింది. ఇంకో స్టిక్కర్ ఉంది. ఇప్పుడు అతికిస్తే రేపటికి ఆగుతదా?

మాస్టారు: పోయినసారి ఎప్పుడు అతికించావు?

కాలర్: బయల్దేరే ముందు సార్. ఒక పది నిమిషాల ముందు.

మాస్టారు: అదీ సంగతి. బాబూ, ఆ ఎర్ర కాగితం వెనకున్నది మామూలు డబుల్ టేప్ కాదు, నురుగులాంటి యాక్రిలిక్ టేపు. అంటించగానే పట్టుకున్నట్టే ఉంటుంది గానీ, పూర్తి బలం రావడానికి టైం పడుతుంది. ఈ కెమెరాలు చేసే గోప్రో కంపెనీ వాళ్లే 24 గంటలు ఆగమంటారు. ఇప్పుడు ఏడు దాటింది. నువ్వు ఐదింటికి బండెక్కుతావు. పది గంటలు కూడా లేదు. సరే, నీ హెల్మెట్ నున్నగా ఉంటుందా, మ్యాట్ ఫినిషింగా?

కాలర్: మ్యాట్ బ్లాక్ సార్.

మాస్టారు: దానికి తోడు మ్యాట్! వేలితో రాస్తే కొంచెం గరుగ్గా తగులుతుంది చూడు, ఆ గరుకు మధ్యలోకి జిగురు సరిగా దిగదు. అతికించే ముందు తుడిచావా?

కాలర్: బనీన్‌తో తుడిచిన.

యాంకర్: (నవ్వుతూ) ఉతికిన బనీనే కదా!

మాస్టారు: ఉతికిందైనా చాలదు. మనం హెల్మెట్‌ని రోజూ చేత్తో పట్టుకుంటాం, ఆ చేతి జిడ్డంతా దాని మీదే ఉంటుంది. మొబైల్ రిపేర్ షాపుల్లో ఐపీఏ అని ఒక ద్రవం వాడతారు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్. దాన్ని మెత్తటి గుడ్డకి కొంచెం పట్టించి తుడిచి, ఆరనిచ్చి, తర్వాత ఆ చోట వేలు పెట్టకుండా అతికించాలి. పెట్రోలు, థిన్నర్ మాత్రం వద్దు. హెల్మెట్ పెంకు ప్లాస్టిక్ అయితే అవి దాన్ని పాడుచేస్తాయి, పైకి కనపడదు కూడా. అతికించాక బొటనవేళ్లతో అర నిమిషం గట్టిగా నొక్కిపట్టు. స్టిక్కర్ల ప్యాకెట్‌లో రెండు రకాలుంటాయి, ఒకటి చదునుది, ఒకటి వంపుది. హెల్మెట్ వంపుకి చదునుది వేస్తే అంచులు లేచిపోతాయి. చాలామంది చేసే తప్పు అదే.

కాలర్: ఇంతకీ నెత్తి మీద కరెక్టేనా సార్?

మాస్టారు: నెత్తి మీద పెడితే ఆకాశం ఎక్కువ, రోడ్డు తక్కువ వస్తుంది. గాలికి తల వెనక్కి లాగుతుంది. కెమెరా 150 గ్రాములే కదా అనుకుంటాం, ఎనభై స్పీడ్‌లో గాలి దాన్ని పట్టుకుని నెడుతుంటే మెడకి తెలుస్తుంది. ఫుల్ ఫేస్ హెల్మెట్ అయితే గడ్డం దగ్గర పెట్టు. నీ కళ్లు చూసేదే కెమెరా చూస్తుంది, కింద హ్యాండిల్, మీటరు కూడా ఫ్రేములోకి వస్తాయి. ఎక్కడ అతికించాలో టేబుల్ మీద పెట్టి కొలవకు. హెల్మెట్ పెట్టుకుని, బండి మీద ఎప్పుడూ కూర్చున్నట్టే కూర్చో. కెమెరాని ఫోన్‌కి కనెక్ట్ చేసి, స్నేహితుడొకడు దాన్ని గడ్డం దగ్గర పట్టుకుని అటూ ఇటూ జరుపుతుంటే ఫోన్‌లో చూడు. బాగున్న చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టు. గాలి వచ్చే రంధ్రం మూసుకుపోకూడదు, వైజర్ పైకి ఎత్తితే కెమెరాకి తగలకూడదు.

కాలర్: మరి రేపటి సంగతి సార్?

మాస్టారు: రేపటికి స్టిక్కర్ వద్దు. గడ్డం చుట్టూ బిగించుకునే బెల్టు మౌంట్లుంటాయి, జిగురుతో పని లేదు, మ్యాట్ హెల్మెట్‌కి అదే నయం. లేదంటే ఛాతీ బెల్టు. హనుమకొండలో యాక్సెసరీ షాపు ఇంకా తెరిచే ఉంటుంది, వెళ్లు.

యాంకర్: పరిగెత్తు తమ్ముడూ! తర్వాతి కాల్ విశాఖపట్నం.

కాలర్: నమస్తే అండీ. నాది 350 సీసీ బుల్లెట్టు. అరకు ఘాట్‌లో తీద్దామని హ్యాండిల్‌కి క్లాంప్ పెట్టి కెమెరా బిగించాను. వీడియో అంతా జెల్లీలా ఊగుతోంది మాస్టారూ. రోడ్డు నీళ్లలో ఉన్నట్టు కనపడుతోంది. కుదుపు తగ్గించే స్టెబిలైజేషన్ ఆన్‌లోనే ఉంది.

మాస్టారు: రోడ్డు బాగున్న చోట కూడా అలాగే వస్తోందా అమ్మా?

కాలర్: రోడ్డు బాగున్న చోటే ఎక్కువ. గుంతల్లో పర్లేదు.

మాస్టారు: అయితే అది రోడ్డు కుదుపు కాదు, ఇంజన్ వణుకు. మీది సింగిల్ సిలిండర్. దాని దెబ్బ నేరుగా హ్యాండిల్‌లోకి వస్తుంది. మీ కెమెరా సెన్సర్ బొమ్మని ఒక్కసారిగా తియ్యదు. పై వరస నుంచి కింది వరస దాకా ఒక్కో గీత చదువుకుంటూ వస్తుంది. ఆ చదివే లోపే కెమెరా వణికితే పై గీత ఒకచోట, కింది గీత ఇంకోచోట పడతాయి. అందుకే కరెంటు స్తంభం పాములా వంకర్లు పోతుంది. స్టెబిలైజేషన్ మొత్తం ఫ్రేముని సర్దుతుంది గానీ, ఒకే ఫ్రేము లోపలి వంకరని సరిచెయ్యలేదు.

కాలర్: మరి హ్యాండిల్ మీద పెట్టుకోకూడదా?

మాస్టారు: పెట్టుకోవచ్చు. మీ క్లాంప్‌కీ కెమెరాకీ మధ్య కర్ర ఎంత పొడుగుంది?

కాలర్: జానెడు ఉంటుందేమో. మూడు ముక్కలు కలిపాను, పైకి రావాలని.

మాస్టారు: అదే తీసెయ్యండి. పొడుగు పెరిగేకొద్దీ కొసన ఊపు పెరుగుతుంది. వెదురు కర్ర ఒక చివర పట్టుకుని ఊపి చూడండి, అర్థమైపోతుంది. ఒక్క ముక్కే ఉంచి, హ్యాండిల్‌కి ఎంత దగ్గరగా వస్తే అంత దగ్గరగా పెట్టండి. ప్లాస్టిక్ క్లాంప్ బదులు అల్యూమినియంది, లోపల రబ్బరు ముక్క ఉన్నది తీసుకోండి. స్క్రూని చేత్తో తిప్పి వదలకుండా చిన్న స్పానర్‌తో ఒక పావు చుట్టు బిగించండి. బండి మీది కెమెరాకి తాడు కట్టడం తప్పనిసరి. కట్టాక హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరదాకా తిప్పి చూడండి. తాడు క్లచ్ వైరుకో బ్రేక్ లీవరుకో చుట్టుకుందంటే, హెయిర్‌పిన్ మలుపులో మీ ప్రాణానికే ముప్పు.

యాంకర్: ఇవన్నీ చేసినా వణికితే?

మాస్టారు: ఒంటి మీదకి మార్చుకోవాలి. మన నడుము, మెడ చేసే పని ఏ రబ్బరూ చెయ్యలేదు. హెల్మెట్ మీదైనా, ఛాతీ మీదైనా జెల్లీ పోతుంది. అమ్మా, ఇంకొకటి. కెమెరా తీసేసి అదే క్లాంప్‌కి మీ మంచి ఫోన్ పెట్టకండి. ఇంజన్ వణుకు ఎక్కువగా తగిలితే కెమెరా లెన్స్‌ని నిలకడగా ఉంచే భాగం దెబ్బతినొచ్చని ఐఫోన్ల గురించి ఆపిలే 2021లో చెప్పింది. లెన్స్ కదిలే ఏ ఫోన్‌కైనా నేనదే చెప్తాను.

కాలర్: అయ్యో, మ్యాప్ కోసం రోజూ పెడుతున్నానండీ!

మాస్టారు: పాత ఫోన్ పెట్టండి. లేదా వణుకు తగ్గించే అడాప్టర్‌తో వచ్చే హోల్డర్ తీసుకోండి.

యాంకర్: నరసరావుపేట నుంచి ఒక పెద్దాయన చాలాసేపటి నుంచి లైన్‌లో ఉన్నారు. చెప్పండి బాబాయ్ గారూ.

కాలర్: నమస్కారమండీ. మావాడు హెల్మెట్‌కి కెమెరా పెడతానని ఒకటే గొడవ. నాకు వడ్రంగం షాపుంది. ఆ స్టిక్కర్ల మీద నమ్మకం లేదు. డ్రిల్లు పెట్టి రెండు స్క్రూలు దింపితే చచ్చినా ఊడదు కదా?

మాస్టారు: బాబాయ్ గారూ, ఆ డ్రిల్లు పక్కన పెట్టండి ముందు!

కాలర్: (నవ్వు) ఏమయిందండీ?

మాస్టారు: హెల్మెట్ పైపెంకు కింద థర్మాకోల్‌లాంటిది మందంగా ఉంటుంది. దెబ్బ తగిలినప్పుడు నలిగేది అది. అది నలిగితేనే తల నలగదు. మీరు స్క్రూ దింపితే పెంకు బీట వారడానికి దారి ఇచ్చినట్టు. పైగా పడ్డప్పుడు ఆ స్క్రూ కొస ఎటు పోతుంది? లోపలికి. అక్కడున్నది మీ అబ్బాయి తల. స్టిక్కరే మేలు, బాగా గుద్దుకుంటే అది ఊడిపోతుంది. కెమెరా పోతే పోనివ్వండి. అందుకే బండి మీద కెమెరాకి తాడు కట్టమంటాను గానీ, హెల్మెట్ మీది కెమెరాకి నేను కట్టను.

కాలర్: మరి పోలీసులు పట్టుకోరా?

మాస్టారు: మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ ప్రకారం హెల్మెట్ బీఐఎస్, అంటే భారతీయ ప్రమాణాల సంస్థ, పెట్టిన ప్రమాణాలకి తగ్గట్టుండాలి. మన దగ్గర దానికి ఐఎస్ 4151. ఐఎస్ఐ మార్కున్న హెల్మెట్‌కి మనం బయట ఏదో తగిలిస్తే అది పరీక్ష పాసైన హెల్మెట్టేనా అన్నది ప్రశ్న. కేరళ మోటారు వాహనాల శాఖ 2022లో హెల్మెట్ కెమెరాలకి 1000 రూపాయల ఫైను, మూడు నెలలు లైసెన్స్ సస్పెన్షన్ అని హెచ్చరించింది. మనవాళ్లు మున్నార్, వాగమన్ వెళ్తుంటారు కదా, అక్కడికి వెళ్తే ఛాతీ బెల్టుకి మార్చుకోవడం మేలు. ఇక్కడైనా ఎవరైనా ఆపి తియ్యమంటే తీసెయ్యమనండి, రోడ్డు మీద వాదన ఎందుకు?

కాలర్: అసలు మావాడు సగం హెల్మెట్టే పెడతాడండీ.

మాస్టారు: అయితే కెమెరా గొడవ తర్వాత. ముందు ఫుల్ ఫేస్ కొనివ్వండి. గడ్డానికి దన్ను లేని హెల్మెట్ మీద కెమెరా ఎక్కడ పెట్టాలని నన్నడిగితే, నేను చెప్పను.

యాంకర్: మధ్యలో ఒక వాట్సాప్ ప్రశ్న. డల్లాస్ నుంచి డిసెంబర్‌లో వస్తున్నారట. పోయినసారి హైదరాబాద్‌లో రాత్రి తీస్తే వీధి దీపాలు టపటపా మిణుకుమన్నాయట. కెమెరా పాడైందా అంటున్నారు.

మాస్టారు: బాగానే ఉంది. మీ కెమెరా అమెరికా కరెంటు లెక్కకి, అంటే 60 హెర్ట్జ్‌కి పెట్టి ఉంటుంది, మన కరెంటు 50. సెట్టింగుల్లో యాంటీ ఫ్లికర్ అని ఉంటుంది, 50కి మార్చి సెకనుకి 25 లేదా 50 ఫ్రేముల్లో తీస్తే సరి. తిరిగి వెళ్లాక 60 పెట్టుకోండి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద తీద్దామనుకుంటున్నారేమో, అక్కడికి టూవీలర్లని రానివ్వరు. సర్వీస్ రోడ్డే మనది.

యాంకర్: కర్నూలు కాల్.

కాలర్: సార్, నేను రోజూ నలభై కిలోమీటర్లు డ్యూటీకి బండి మీదే పోతా. వీడియోలు పెట్టేదానికి కాదు, సాక్ష్యం కోసం పెట్టుకున్నా. మొన్న ఒక కారు పక్క నుంచి రాసుకుని పోయింది, మోచేయి గీసుకుపోయింది. తీరా చూస్తే కెమెరా వేడెక్కి అరగంట ముందే ఆగిపోయింది.

మాస్టారు: వీడియో ఏ సెట్టింగులో తీస్తున్నారు?

కాలర్: ఫోర్‌కే క్వాలిటీ, సెకనుకి 60 ఫ్రేములు. ఎక్కువ ఉంటే క్లియర్‌గా ఉంటుందని.

మాస్టారు: కర్నూలు ఎండలో ఫోర్‌కే 60 పెడితే ఆగిపోక ఏం చేస్తుంది! బండి నడుస్తుంటే గాలికి చల్లబడుతుంది. రైల్వే గేటు దగ్గర పది నిమిషాలు నిలబడితే అప్పుడు వేడెక్కిపోతుంది. మీ పనికి దానికంటే తక్కువ క్వాలిటీ, 1080 చాలు. లేదా ఫోర్‌కే 25 పెట్టి చూడండి, ముందున్న కారు నంబరు చదవగలిగితే సరిపోయినట్టే. లూప్ రికార్డింగ్ ఆన్ చేసుకోండి, పాతది చెరిగిపోతూ దాని మీద కొత్తది రాస్తుంది. మెమరీ కార్డు మీద వీ30 అని ఉండాలి, అది కార్డు రాసే వేగానికి గుర్తు. పవర్ బ్యాంక్ వైరు పెడితే కెమెరా పక్క తలుపు తెరిచి ఉంటుంది కదా, అప్పుడది వాటర్‌ప్రూఫ్ కాదు. వాన మొదలైతే వైరు పీకి తలుపు మూసెయ్యండి.

కాలర్: ఒకవేళ వీడియో దొరికితే, పోలీస్ స్టేషన్లో వాట్సాప్ చేస్తే చాలా?

మాస్టారు: అక్కడే అందరూ దెబ్బతింటారు. వాట్సాప్‌లో పంపితే ఫైలు నలిగిపోతుంది, నంబర్ ప్లేటు మసకబారుతుంది. ముందు దెబ్బల సంగతి చూసుకుని, తర్వాత రికార్డింగ్ ఆపి, కార్డు బయటికి తీసి పక్కన పెట్టండి. అది లోపలే ఉంటే లూప్‌లో చెరిగిపోతుంది. కట్ చెయ్యొద్దు, పేరు మార్చొద్దు. 2024 జులై 1 నుంచి కొత్త సాక్ష్య చట్టం వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డు కోర్టులో పెట్టాలంటే 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఉండాలి, అందులో ఫైలు హాష్ విలువ కూడా రాస్తారు. ఫైలు వేలిముద్ర అనుకోండి. ఒక్క సెకను కట్ చేసినా ఆ ముద్ర మారిపోతుంది. అదంతా లాయరు చూసుకుంటారు, మీ వంతు అసలు కార్డు జాగ్రత్తగా ఉంచడం. కెమెరాలో తేదీ, టైం సరిగా ఉన్నాయా?

కాలర్: చూడలేదు సార్... ఒక్క నిమిషం. (కొంచెం ఆగి) 2016 జనవరి చూపిస్తోంది.

యాంకర్: అయ్యయ్యో!

మాస్టారు: బ్యాటరీ పూర్తిగా పోయినప్పుడు మొదటికొచ్చి ఉంటుంది. యాప్‌కి కనెక్ట్ చేస్తే సరిచేసుకుంటుంది. వారానికోసారి చూస్తుండండి.

యాంకర్: టైం దగ్గరపడింది. గాలి హోరు వల్ల మాట వినపడట్లేదని నలుగురు మెసేజ్ పెట్టారు మాస్టారూ.

మాస్టారు: కెమెరా మైకుతో అది పోదు. విడిగా చిన్న మైకు తీసుకుని, స్పాంజి తొడిగి, హెల్మెట్ లోపల గడ్డం ముందున్న మెత్తలో దూర్చండి. నోటికి మరీ ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి. వైరు మెడ దగ్గర బిగుసుకోకుండా, లాగితే ఊడి వచ్చేటట్టు ఉండాలి.

యాంకర్: ఇందాకటి వరంగల్ తమ్ముడు మెసేజ్ పెట్టాడు. "అన్నా, షాపు మూసేసిండు. స్టిక్కరే అతికించి, రాత్రంతా హెల్మెట్ మీద ఇటుక పెడితే ఆగుతదా, సార్‌ని అడుగు."

మాస్టారు: (నవ్వు ఆపుకుంటూ) ఇటుకకి గంటలు తగ్గవు నాయనా. స్టిక్కర్ ఇప్పుడే అతికించుకో, వచ్చే ఆదివారానికి పనికొస్తుంది. రేపు కెమెరా జేబులో పెట్టుకుని వెళ్లు, లక్నవరం వంతెన మీద చేత్తో పట్టుకుని తీసుకో.

యాంకర్: ఇంకో మెసేజ్ వచ్చింది. "సరే సార్, ఇటుక తీసేసిన."