యూనివర్సిటీ కూడా పని నేర్పే చోటే

అందరికీ నమస్కారం. పొద్దున్నే సూళ్ళూరుపేట లోకల్ ఎక్కి వచ్చినవాళ్ళు చాలామంది ఉన్నారట, గూడూరు, నాయుడుపేట నుంచి కూడా వచ్చారని చెప్పారు, ఇటు కొరుక్కుపేట, వ్యాసర్పాడిలో పుట్టి పెరిగిన మన పిల్లలూ కనిపిస్తున్నారు. పిల్లల వెంట వచ్చిన అమ్మానాన్నలకి ఇంకో నమస్కారం, ఎందుకంటే నేను చెప్పబోయేది యూనివర్సిటీలో అప్రెంటిస్‌గా, అంటే స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునే ట్రైనీగా, చేరడం గురించి, దానికి అభ్యంతరం ముందు మీ దగ్గర్నుంచే వస్తుంది: "ఏడాదిపాటు ట్రైనింగ్ ఏంటమ్మా, అయ్యాక ఉద్యోగం ఇస్తారో లేదో తెలీకుండా?" న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పకుండా మైకు వదలను.

నేను ఇక్కడే చెన్నైలో ఒక యూనివర్సిటీ ఫిజిక్స్ విభాగంలో టెక్నికల్ ఆఫీసర్ని. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చేసి, అప్రెంటిస్‌గానే మొదలుపెట్టాను. డిప్లొమా అవగానే, బీఎస్సీ అవగానే మనవాళ్ళ కళ్ళకి ఆనేవి రెండే రెండు దారులు. ఒకటి ఓఎంఆర్‌లో ఐటీ కంపెనీ, రెండోది శ్రీపెరంబుదూరు వైపో శ్రీసిటీ వైపో ఫ్యాక్టరీ. యూనివర్సిటీ అంటే ఫీజు కట్టి చదువుకునే చోటు, పీహెచ్‌డీ ఉన్న ప్రొఫెసర్లు ఉండే చోటు అనుకుంటాం తప్ప, అక్కడ మనలాంటివాళ్ళకి కూడా పని ఉంటుందని ఎవరికీ తట్టదు.

ఒక పెద్ద యూనివర్సిటీ లోపల ఏముంటుందో ఒక్కసారి ఊహించుకోండి. లేత్‌లు, మిల్లింగ్ మెషిన్లు ఉన్న వర్క్‌షాప్, కొన్నిచోట్ల గాజు గొట్టాల్ని మంట మీద కరిగించి కావలసిన ఆకారానికి తెచ్చే గ్లాస్ బ్లోయింగ్ గది, కెమిస్ట్రీ, బయాలజీ ల్యాబులు, లక్షల పుస్తకాల లైబ్రరీ, క్యాంపస్ మొత్తానికి నెట్‌వర్క్ నడిపే కంప్యూటర్ సెంటర్, సబ్‌స్టేషన్, జనరేటర్లు, ఏసీ ప్లాంట్లు చూసుకునే ఇంజనీరింగ్ విభాగం, అకౌంట్స్, పరీక్షల విభాగం. చిన్న ఊరికి ఉండేవన్నీ ఉంటాయి. ఈ పనులన్నీ ప్రొఫెసర్లు చెయ్యరు కదా. వాటికి చేతిపని తెలిసిన మనుషులు కావాలి, అలాంటివాళ్ళు రిటైరవుతున్నకొద్దీ కొత్తవాళ్ళని తయారుచేసుకోవాలి.

ఈ ఊళ్ళో ఇది కొత్త సంగతేం కాదు. గిండీ ఇంజనీరింగ్ కాలేజీ 1794లో సర్వే స్కూలుగా మొదలైంది, భూమి కొలిచే పని కుర్రాళ్ళకి నేర్పడానికి. కాలేజీ అన్న పేరు, డిగ్రీలు, అన్నా యూనివర్సిటీ అన్నీ ఆ తర్వాత వచ్చినవి. 1959లో ఐఐటీ మద్రాస్ జర్మనీ సాయంతో మొదలైనప్పుడు కూడా అక్కణ్ణుంచి ప్రొఫెసర్లతో పాటు వర్క్‌షాప్ ఫోర్‌మన్లూ వచ్చారు. అంటే ల్యాబ్ నిలబడాలంటే పుస్తకం తెలిసినవాళ్ళు ఎంత అవసరమో పని తెలిసినవాళ్ళూ అంతే అవసరమని మొదటిరోజు నుంచే తెలుసు. బ్రిటన్‌లోనైతే 2017 ఏప్రిల్ నుంచి, ఏడాదికి 30 లక్షల పౌండ్లకి మించి జీతాలిచ్చే యాజమాన్యాలన్నీ జీతాల మొత్తం మీద 0.5 శాతం అప్రెంటిస్‌షిప్ లెవీ కట్టాలి. యూనివర్సిటీలు పెద్ద యాజమాన్యాలే కాబట్టి అవీ కడతాయి, ఆ డబ్బుని ట్రైనింగ్‌కి వాడుకుని ల్యాబ్ టెక్నీషియన్లనీ, ఆఫీసు సిబ్బందినీ అప్రెంటిస్‌లుగా తీసుకుంటాయి.

మన దగ్గర దీనికి 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం ఉంది. మొదట ఐటీఐ ట్రేడుల కోసం పెట్టారు, 1973 సవరణతో ఇంజనీరింగ్ డిగ్రీ, డిప్లొమావాళ్ళని చేర్చారు, 2014లో బీఏ, బీకాం, బీఎస్సీ లాంటి మామూలు డిగ్రీలవాళ్ళకీ తలుపు తీశారు. ఈ ఆఖరి సంగతి చాలామందికి తెలీదు, బీకాం చేసిన అమ్మాయిలు "మాకు కాదులే" అని ఊరుకుంటున్నారు. మీకూ ఉంది తల్లీ. డిగ్రీ, డిప్లొమావాళ్ళకి సంబంధించిన పథకాన్ని నాట్స్ (నేషనల్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ స్కీమ్) అంటారు, అది కేంద్ర విద్యాశాఖ కింద నడుస్తుంది. దక్షిణాది రాష్ట్రాలన్నిటికీ దాని ఆఫీసు మన చెన్నైలోనే, తరమణి సీఐటీ క్యాంపస్‌లో ఉంది, బోర్డ్ ఆఫ్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ అని. తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ అన్నీ దాని పరిధిలోవే కాబట్టి ఆంధ్రలో డిప్లొమా చేసి చెన్నైలో అప్రెంటిస్‌గా చేరడం మామూలే. సెంట్రల్‌లో లోకల్ దిగి, రోడ్డు దాటి పార్క్ టౌన్‌లో వేళచ్చేరి రైలెక్కితే తరమణి స్టేషన్‌లో దిగొచ్చు. అయితే దరఖాస్తు అంతా ఆన్‌లైన్‌లో నాట్స్ పోర్టల్ ద్వారానే. దానికి ఎవరికీ ఒక్క రూపాయి ఇవ్వక్కర్లేదు. మధ్యలో ఎవరైనా "నేను ఇప్పిస్తా, పదివేలు పెట్టు" అంటే వాడికి దణ్ణం పెట్టి వచ్చెయ్యండి.

ఇప్పుడు డబ్బు. 2019లో సవరించిన నిబంధనల్లో కనీస స్టైపెండ్ డిగ్రీవాళ్ళకి నెలకి 9,000, డిప్లొమావాళ్ళకి 8,000 రూపాయలని పెట్టారు. నాట్స్‌లో అందులో సగం ప్రభుత్వం భరిస్తుంది. 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి ఈ మొత్తాల్ని 36 శాతం పెంచమని సిఫారసు చేసింది, కాబట్టి మీరు చేరే నోటిఫికేషన్‌లో ఎంత రాశారో చూసుకోండి, కొన్ని సంస్థలు కనీసం కన్నా ఎక్కువే ఇస్తాయి. ఎంత ఇచ్చినా చెన్నైలో ఒంటరిగా బతకడానికి అది చాలదు, ఈ మాట దాచడం నాకిష్టం లేదు. వేళచ్చేరిలోనో గిండీలోనో పీజీ హాస్టల్లో ఉంటే అందులో పెద్ద భాగం దానికే పోతుంది. సూళ్ళూరుపేట, గుమ్మిడిపూండి వైపువాళ్ళు సీజన్ టికెట్ తీసుకుని తిరగొచ్చు, అలసట ఉంటుంది, కానీ నెల గడుస్తుంది. ఇంటి నుంచి ఒక ఏడాది కొంచెం ఆసరా ఉంటేనే ఇది సాగుతుంది, అందుకే అమ్మానాన్నల్ని కూడా రమ్మన్నాను.

ఉద్యోగం ఇస్తారా అన్న ప్రశ్నకి చట్టమే సూటిగా జవాబు చెప్పింది: అప్రెంటిస్ అంటే ట్రైనీ, కార్మికుడు కాదు, ట్రైనింగ్ అయ్యాక ఉద్యోగం ఇచ్చితీరాలన్న బాధ్యత యాజమాన్యానికి లేదు. ప్రభుత్వ యూనివర్సిటీలో అయితే పర్మనెంట్ పోస్టుకి ఎలాగూ విడిగా నోటిఫికేషన్, పరీక్ష ఉంటాయి. మరి ఎందుకు చేరాలి?

దీనికి మాటలతో కాకుండా ఒక పని దగ్గరగా చూపించి చెప్తాను. మా ల్యాబ్‌లో డిటెక్టర్లని చల్లగా ఉంచడానికి లిక్విడ్ నైట్రోజన్ వాడతాం, మైనస్ 196 డిగ్రీలు. కింద క్యాన్ నింపి మూడో అంతస్తుకి పంపాలి. క్యాన్‌తో పాటు మనిషి లిఫ్ట్ ఎక్కకూడదు. క్యాన్ ఒక్కటే వెళ్తుంది, పైన ఇంకొకరు కాచుకుని ఉండి తలుపు తెరుచుకోగానే బయటికి లాగుతారు, మధ్య అంతస్తుల్లో ఎవరూ ఎక్కకుండా క్యాన్‌కి బోర్డు తగిలిస్తాం. ఎందుకంటే ఒక లీటరు ద్రవం ఆవిరైతే దాదాపు 700 లీటర్ల గ్యాస్ అవుతుంది. లిఫ్ట్ మధ్యలో ఆగిపోయి క్యాన్ ఒలికిందనుకోండి, ఆ చిన్న గదిలో ఆక్సిజన్ పడిపోతుంది, నైట్రోజన్‌కి వాసన లేదు, రంగు లేదు, ఏదో తేడాగా ఉందని తెలిసేలోపే మనిషి కూలిపోతాడు. గ్లవ్స్ వదులుగా ఉండాలి, లోపల చుక్క పడితే చెయ్యి విదిలించగానే ఊడిపోయేలా. ప్యాంటు అంచు బూటులోకి దోపుకోకూడదు, బూటు మీదుగా బయటికే ఉండాలి, లేకపోతే ఒలికింది బూటులోకి దిగి అక్కడే నిలిచిపోతుంది. ఇదంతా నాకు నేర్పింది మా సీనియర్ టెక్నీషియన్, అందరం ఆయన్ని అణ్ణా అనే పిలిచేవాళ్ళం. ప్రతి జాగ్రత్తకీ ఎందుకని అడిగేవారు, కారణం చెప్పగలిగేదాకా క్యాన్ ముట్టుకోనిచ్చేవారు కాదు.

యూనివర్సిటీలో దొరికేది ఇదీ. ఫ్యాక్టరీని తక్కువ చెయ్యట్లేదు, అక్కడ ఒక లైన్‌లో ఒక మెషిన్ మీద చెయ్యి బాగా తిరుగుతుంది, వేగం వస్తుంది, అది గొప్ప విషయమే. కానీ రీసెర్చ్ ల్యాబ్‌లో నిన్న చేసిన పని ఇవాళ ఉండదు. ఒక పీహెచ్‌డీ అబ్బాయి వచ్చి "అక్కా, నా శాంపిల్ 5 మిల్లీమీటర్లే, దీన్ని వాక్యూమ్‌లో పట్టుకునే హోల్డర్ ఎక్కడా దొరకట్లేదు, మనం చెయ్యగలమా?" అంటాడు. మీరు కాగితం మీద బొమ్మ గీస్తారు, వర్క్‌షాప్‌కి వెళ్ళి ఏ లోహం వాడాలో అడుగుతారు, మొదటిది సరిగ్గా కూర్చోదు, రెండోది చేస్తారు. ఎందుకని అడిగితే ఓపిగ్గా చెప్పే మనుషులు ఇంతమంది ఒకేచోట ఉండే ఆఫీసు నాకు తెలిసి ఇంకోటి లేదు. చెప్పడం వాళ్ళకి ఇష్టం, అదే వాళ్ళ వృత్తి. అడిగేవాళ్ళే తక్కువ.

అయితే అందరికీ ఇలా జరగదు, అది చూసే ఇవాళ ఇంత గట్టిగా మాట్లాడుతున్నాను. ఒకచోట, ఏ సంస్థో చెప్పను, కంప్యూటర్స్‌లో బీఎస్సీ చేసిన కుర్రాడిని నెట్‌వర్క్ పని నేర్పుతామని తీసుకుని, నెలల తరబడి జిరాక్స్ మెషిన్ దగ్గరా, డెస్పాచ్ సెక్షన్‌లో కవర్లకి స్టాంపులు వెయ్యడానికీ కూర్చోబెట్టారు. పిల్లాడు మంచివాడు, నోరు తెరవలేదు. ఏడాది అయ్యాక సర్టిఫికెట్ వచ్చింది, నెట్‌వర్క్ స్విచ్ కాన్ఫిగర్ చెయ్యడం రాలేదు. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది, ఎందుకంటే నాట్స్‌లో అప్రెంటిస్‌షిప్ ఒక్కసారే. ఇంకోసారి చేస్తానంటే కుదరదు. ఏడాదికి పైగా వేరే ఉద్యోగం చేసినా కుదరదు, కాబట్టి "ముందు కాల్ సెంటర్‌లో రెండేళ్ళు చేసి చూద్దాం" అనుకునేవాళ్ళు ఆ లెక్క కూడా వేసుకోండి. చదువు పూర్తయి ఐదేళ్ళు దాటకుండా ఉండాలన్న షరతు కూడా ఉంది.

అందుకని చేరిన మొదటి వారంలోనే మీ ట్రైనింగ్ ప్లాన్ ఏమిటో అడగండి. మర్యాదగానే, "సార్, ఈ ఏడాదిలో నేను ఏయే విభాగాల్లో ఉంటాను, ఏమేం నేర్చుకుంటాను?" అని. కాగితం మీద ఇస్తే మంచిది, ఇవ్వకపోతే మీరే రాసి, మెయిల్ చేసి, ఇదేనా సార్ అని అడగండి. పోర్టల్‌లో మీ కాంట్రాక్ట్ నమోదైందో లేదో చూసుకోండి, అది లేకపోతే ఏడాది చివర బోర్డు ఇచ్చే ప్రొఫిషియెన్సీ సర్టిఫికెట్ రాదు. ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఇవాళ రోటరీ పంప్ ఆయిల్ మార్చాను, నల్లబడింది, కారణం ఇదీ, అని తేదీ వేసి రాయండి, చేసినవాటికి ఫొటోలు తీసుకోండి, ల్యాబ్‌లో అనుమతి అడిగి మాత్రమే. ఇంటర్వ్యూలో "ఏం చేశావు?" అంటే మనవాళ్ళు తడబడేది అక్కడే, చేసి ఉంటారు, చెప్పలేరు. నోట్‌బుక్ ఉంటే చెప్పగలరు. నెలలు గడుస్తున్నా పని నేర్పకపోతే ముందు మీ సూపర్‌వైజర్‌కి, తర్వాత రిజిస్ట్రార్ ఆఫీసుకి, అప్పటికీ కదలకపోతే తరమణి బోర్డుకి రాయండి. అది ఫిర్యాదు అనుకుని భయపడకండి, ట్రైనింగ్ మీ హక్కు.

భాష గురించి కూడా చెప్పాలి. ప్రొఫెసర్ల దగ్గర ఇంగ్లీషు నడుస్తుంది, వర్క్‌షాప్‌లో నడిచేది తమిళం. రెండు నెలలు సిగ్గుపడకుండా తప్పుల తమిళం మాట్లాడితే చాలు, అణ్ణాలు, అక్కాలు ప్రాణం పెట్టి నేర్పుతారు. తెలుగువాళ్ళు దొరికారు కదా అని మనలో మనమే ఓ మూల చేరితే అసలు పని మన చెవిన పడదు.

ఏడాది తర్వాత సంగతి. అదే క్యాంపస్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంట్ లాంటి కాంట్రాక్ట్ పనులు వస్తుంటాయి, ప్రొఫెసర్‌కి నిధులొచ్చిన ప్రాజెక్టు నడిచినంతకాలం అవి ఉంటాయి, ప్రాజెక్టు ముగిస్తే ముగుస్తాయి. వాటిలో చేరండి, కానీ అదే శాశ్వతం అనుకుని పర్మనెంట్ నోటిఫికేషన్లు చూడటం మానెయ్యకండి. కేంద్ర సంస్థల్లో జూనియర్ టెక్నీషియన్ లాంటి గ్రూప్ సి పోస్టులకి 2016 నుంచి ఇంటర్వ్యూ లేదు, రాతపరీక్షతో పాటు చాలాచోట్ల ట్రేడ్ టెస్ట్ పెడతారు. ట్రేడ్ టెస్ట్ అంటే చేతికి మల్టీమీటర్ ఇచ్చి, పాడైన పవర్ సప్లై ముందు పెట్టి, కానివ్వు అంటారు. అక్కడ సిఫారసు పనిచెయ్యదు, బట్టీ కూడా పనిచెయ్యదు. పైగా ప్రైవేటు యూనివర్సిటీలు, మందుల కంపెనీల ల్యాబులు, ల్యాబ్ పరికరాలమ్మి సర్వీస్ చేసే కంపెనీలు ఉన్నాయి, వాళ్ళకి ఇలాంటి చెయ్యి తిరిగినవాళ్ళు దొరకడం కష్టంగానే ఉంది. అప్రెంటిస్ కాలాన్ని అనుభవంగా లెక్కిస్తారా అన్నది మాత్రం ఒక్కో నోటిఫికేషన్‌లో ఒక్కోలా ఉంటుంది, చివరి పేజీ దాకా చదవండి.

అమ్మానాన్నలకి నా జవాబు ఇదే. ఉద్యోగం ఇస్తామన్న మాట ఎవరూ ఇవ్వరు, నేనూ ఇవ్వను. కానీ పిల్ల చేతికి పని వచ్చిందా లేదా అన్నది మూడు నెలల్లో మీకే తెలుస్తుంది, ఇంటికొచ్చినప్పుడు ఇవాళ ఏం చేశావని అడగండి, నోట్‌బుక్ తెరిచి చూపించమనండి. ఏమీ లేదంటే అప్పుడే కదలండి, ఏడాది అయ్యేదాకా ఆగకండి.

ఆధార్‌కి లింకైన బ్యాంకు ఖాతా, ప్రొవిజనల్ సర్టిఫికెట్, మార్కుల జాబితా ఫోన్‌లో ఉన్నవాళ్ళు ఇక్కడే పోర్టల్‌లో రిజిస్టర్ చేసుకోవచ్చు, నేను ఆ కుడివైపు బల్ల దగ్గర కూర్చుంటాను. సాయంత్రం లోకల్‌కి వెళ్ళాల్సినవాళ్ళు ముందు రండి, చెన్నైలో ఉండేవాళ్ళు తర్వాత.