ఫాల్ట్ లేకుండానే ట్రిప్: డీఆర్ ఫైల్ ఎలా చదవాలి

నమస్తే అందరికీ. షిఫ్టు డ్యూటీ చేసేవాళ్లూ, ఫైనలియర్ వాళ్లూ ఇద్దరూ ఉన్నారు కాబట్టి సూత్రాలు పక్కనపెట్టి, ఒక ట్రిప్పింగ్‌తో మొదలుపెడతాను. డీఆర్ అంటే డిస్టర్బెన్స్ రికార్డర్, ట్రిప్ అయిన క్షణాల్లో వోల్టేజీ, కరెంటు వేవ్‌లని రికార్డు చేసేది.

2012 జూలై 30, తెల్లవారుజామున 2:33. బీనా-గ్వాలియర్ 400 కేవీ ఒకటో సర్క్యూట్ ట్రిప్ అయింది. రెండోది అప్పటికే పనికోసం ఆపి ఉంచారు. ఉన్న ఒక్కటీ పోయేసరికి లోడంతా మిగతా లైన్ల మీద పడి, అవీ వరసగా పోయి, ఉత్తర గ్రిడ్ మొత్తం కూలింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ అదే లైను, ఈసారి తూర్పు, ఈశాన్య గ్రిడ్లు కూడా పోయాయి. దక్షిణాదిలో మనం ఎలా బయటపడ్డామంటే, అప్పటికి దక్షిణ గ్రిడ్‌కి మిగతా దేశంతో గాజువాక లాంటి చోట్ల డీసీ లింకులే ఉండేవి, ఏసీ లైన్లలా అవి అటు కుదుపుని ఇటు లాగవు. రాయచూర్-షోలాపూర్ లైనుతో ఏసీలో కలిసింది 2013 డిసెంబర్ 31న.

మరి ఆ లైను మీద పిడుగు పడిందా? లేదు, ఫాల్టే లేదు.

మూడు ఫేజుల్లో (ఆర్, వై, బీ) ఆర్ ఒక్కటే నేలకి తగిలితే, అంటే మామూలు ఆర్ ఫేజ్ ఎర్త్ ఫాల్ట్‌లో, డీఆర్ ఎలా ఉంటుందో చూడండి. వై, బీ వేవ్‌లు దాదాపు మామూలుగానే నడుస్తుంటాయి. ఆర్ వోల్టేజీ ఒక్కసారిగా కుంగుతుంది, ఆర్ కరెంటు ఎగుస్తుంది, దాంతోపాటే సున్నా దగ్గర పడుకుని ఉన్న న్యూట్రల్ కరెంటు కూడా లేస్తుంది. కింద డిజిటల్ చానెళ్లలో ముందు రిలే (ఫాల్ట్‌ని పసిగట్టి బ్రేకర్‌ని తెరవమనేది) ట్రిప్, తర్వాత బ్రేకర్ ఓపెన్. 400 కేవీలో ఇదంతా 100 మిల్లీసెకన్లలో, అంటే అయిదు సైకిళ్లలో అయిపోవాలి.

జూలైలో జరిగింది వేరు. లోడు విపరీతం, వోల్టేజీ తక్కువ. డిస్టెన్స్ రిలే చూసేది వోల్టేజీని కరెంటుతో భాగిస్తే వచ్చే ఇంపీడెన్స్‌నే కదా, అది తగ్గి తగ్గి జోన్-3లోకి, అంటే రిలే బ్యాకప్‌గా కాపలా కాసే దూరపు పరిధిలోకి జారింది, రిలే ఎక్కడో దూరంలో ఫాల్ట్ ఉందనుకుంది. ఇలాంటి ట్రిప్‌లో మూడు ఫేజులూ సమానంగా ఉంటాయి, న్యూట్రల్ కరెంటు లేవదు. కాబట్టి లైన్ పేట్రోలింగ్‌కి మనుషుల్ని తోలేముందు ఆ న్యూట్రల్ గీత ఒకసారి చూడండి, సగం సంగతి అక్కడే తేలుతుంది.

ఇక గడియారం సంగతి. 2003 ఆగస్టు 14న అమెరికా, కెనడాల్లో కరెంటు పోయినప్పుడు రికార్డులకు కొరత లేదు, కానీ చాలా రికార్డర్ల టైము జీపీఎస్‌తో కలవలేదు. ఏ లైను ముందు పోయింది, ఏది తర్వాత అన్నది వరస పెట్టడానికే దర్యాప్తు వాళ్లకి తల ప్రాణం తోకకొచ్చింది. మన దగ్గరా జీపీఎస్ యాంటెన్నా కేబుల్ ఊడిపోయినా అలారం ఎవరూ పట్టించుకోని సబ్‌స్టేషన్లు ఉంటాయి. లైను రెండు కొసల్లో టైము సెకను తేడా ఉంటే, క్యారియర్ సిగ్నల్ (అవతలి కొస రిలే పంపే సంకేతం) ముందొచ్చిందా ట్రిప్ ముందైందా అని మీటింగుల్లో గంటలు గంటలు వాదించుకోవడమే.

ట్రిగ్గర్ గురించి, అంటే డీఆర్ ఎప్పుడు రికార్డు మొదలుపెట్టాలో చెప్పే సెట్టింగ్ గురించి ఒక్కమాట. సొంత ట్రిప్‌కే పెడితే పక్క ఫీడర్ బ్రేకర్ తెరుచుకోకపోయినప్పుడు మీ దగ్గర ఏమీ మిగలదు. మరీ సున్నితంగా పెడితే ప్రతి చిన్న కదలికకీ ఫైల్ పుట్టి మెమరీ నిండుతుంది, పాతవి చెరిగిపోతాయి. అందుకే ట్రిప్ అయ్యాక ఫైళ్లు లాప్‌టాప్‌లోకి దించుకోకుండా టెస్ట్ కిట్ తగిలించి రిలేకి కరెంటు ఇవ్వకండి. మీ టెస్టు రికార్డులు వచ్చి అసలు రికార్డుని తోసేస్తాయి, ఆ తర్వాత గ్రిడ్‌ని నడిపించే లోడ్ డిస్పాచ్ సెంటర్‌కి 24 గంటల్లో ఏం పంపుతారు?