ఫొటోలో లేనివాళ్ళు
(విజయనగరంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. శాంతి గురించి మాట్లాడమన్నారు. పావురాలు ఎగరేసేవాళ్ళ సంగతి మీకు తెలిసిందే కాబట్టి, ఫొటోలో కనపడనివాళ్ళ గురించి చెప్తాను.

కెన్యాలో వజీర్ అని ఒక ప్రాంతం ఉంది. దాదాపు అందరూ సోమాలీలే, పశువులే బతుకు. 1990ల మొదట్లో కరువొచ్చి నీళ్ళ దగ్గర, మేత దగ్గర తెగల మధ్య మొదలైన గొడవ తుపాకుల దాకా పోయింది, బజారుకెళ్ళాలన్నా భయమే. అప్పుడు దెఖా ఇబ్రహీం అబ్ది, ఇంకొంతమంది ఆడవాళ్ళు కూర్చుని తేల్చుకున్నది చాలా చిన్న విషయం: ఏ తెగ మనిషైనా సరే బజారుకొచ్చి కొనుక్కోవాలి, అమ్ముకోవాలి, ఎవరూ అడ్డుపడకూడదు. అడ్డుపడితే వీళ్ళే వెళ్ళి నిలబడేవారు. తర్వాత పెద్దమనుషులను కలపాలి కదా, ఎవరిని ముందు పెట్టాలి? అన్నిటికంటే చిన్న తెగ పెద్దాయన్ని పెట్టారు! ఆయనంటే ఎవరికీ భయం లేదు, అనుమానమూ లేదు. నాకు ఈ తెలివే బాగా నచ్చింది. 1993లో పెద్దలంతా కలిసి శాంతి ఒప్పందంగా అల్ ఫతా ప్రకటన చేశారు. ఆ తర్వాత తుపాకీ పట్టిన కుర్రాళ్ళ దగ్గరికీ వెళ్ళారు, వాళ్ళకి పని చూపించాలని వ్యాపారస్తుల వెంటపడ్డారు.

ఉత్తర ఐర్లాండులో బ్రెండన్ డడ్డీ అనే వ్యాపారి బ్రిటిష్ గూఢచారులకీ, బ్రిటిష్ పాలన వద్దని తుపాకీ పట్టిన ఐఆర్ఏకీ మధ్య ఇరవై ఏళ్ళు గుట్టుగా మాటలు మోశాడు. మన దగ్గర రిటైరైన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారి పౌర స్పందన వేదిక ఏళ్ళ తరబడి ఇటు ప్రభుత్వంతో, అటు నక్సలైట్లతో మాట్లాడి, ఇద్దరి చేతా మాటలు పడి, 2004 అక్టోబరులో వాళ్ళని ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టింది. చర్చలు నిలవలేదు, నిజమే. భూమి సంగతి తేలకపోతే ఏ చర్చలు నిలుస్తాయి చెప్పండి?

దూరం ఎందుకు, మన వంగర మండలం లక్ష్మీపేటలో 2012 జూన్ 12న ఐదుగురు దళితులను చంపేశారు. మడ్డువలస ప్రాజెక్టు కోసం తీసుకుని, మునగకుండా మిగిలిపోయిన భూమి ఎవరు దున్నుకోవాలన్న తగువది. ఇలాంటివి రాజుకుంటున్నట్టు ముందుగా తెలిసేది చేలో, బోరు దగ్గర మాట పడ్డవాళ్ళకే. ఒకటి మాత్రం గట్టిగా చెప్తున్నా, కేసు వెనక్కి తీసుకోమని బక్కవాడి మెడ వంచి చేసే రాజీని నేను శాంతి అనను.

వినాయక చవితి ముందు స్టేషన్లో శాంతి కమిటీ మీటింగు పెడతారు కదా. టీ, బిస్కెట్లు, ఒక ఫొటో. వచ్చేది ఎప్పుడూ ఆ పెద్దమనుషులే. ఈసారి ఆ మీటింగు సంతలో పెట్టమని ఎస్ఐ గారిని అడుగుదాం, కూరగాయలమ్మే అమ్మలను పిలుద్దాం, ఊళ్ళో అందరికంటే తక్కువ ఇళ్ళున్న కులం వాళ్ళని అధ్యక్షత వహించమందాం. నాతో వచ్చేవాళ్ళు ఇక్కడ పేర్లు ఇవ్వండి.