మాజ్దా ఎమ్‌ఎక్స్-5 ట్రాక్ రివ్యూ: మూడో గేరు నుంచి రెండో గేరుకి

నమస్తే అండి. ముందే చెప్పేస్తున్నా, పైకప్పు తెరుచుకునే ఈ రెండు సీట్ల స్పోర్ట్స్ కారుని రెండు రోజుల కోసం రివ్యూకని ఇచ్చారు. పెట్రోలు మాది, అభిప్రాయాలూ మావే.

స్క్రీన్ ఎన్ని అంగుళాలు, డిక్కీలో ఎన్ని బ్యాగులు పడతాయి, ఇవన్నీ మీరు ఈపాటికి పది వీడియోల్లో చూసేసి ఉంటారు. వాటి జోలికి పోను. 2 లీటర్ల ఇంజిన్, టర్బో లేదు, 184 పీఎస్, ఆరు గేర్ల మాన్యువల్, పవర్ వెనక చక్రాలకి, బరువు వెయ్యీ యాభై కిలోలూ చిల్లర. ఎన్‌డీ అని పిలిచే నాలుగో తరం, అందులోనూ 2024 మార్పులు వచ్చిన బండి. స్పెక్స్ అయిపోయాయి.

ఇక అసలు సంగతి. స్ట్రెయిట్ (ట్రాక్‌లో తిన్నగా ఉండే భాగం) చివర గట్టిగా బ్రేక్ తొక్కుతూ మూడో గేరు నుంచి రెండో గేరుకి దిగడం. ఈ బండి మీకు నచ్చుతుందా లేదా అన్నది ఆ అరసెకనులో తేలిపోతుంది. అందుకే వీడియోలో ఎక్కువ భాగం దాని మీదే.

చిన్న లెక్క చూడండి. రెండో గేరు నిష్పత్తి 2.991, మూడోది 2.035, వెనక చక్రాలు రెండిటికీ పవర్ పంచే డిఫరెన్షియల్‌ది 2.866. కంపెనీ ఇచ్చే 17 అంగుళాల చక్రాలతో గంటకి 80 కిలోమీటర్ల దగ్గర మూడో గేరులో ఇంజిన్ సుమారు 4,000 ఆర్‌పీఎమ్, అంటే నిమిషానికి 4,000 చుట్లు తిరుగుతుంది. అదే వేగానికి రెండో గేరులో 5,900 తిరగాలి. మధ్యలో 1,900 తేడా. దాన్ని ఎవరో ఒకరు పూడ్చాలి కదా? యాక్సిలరేటర్‌తో మీరు పూడ్చకపోతే వెనక చక్రాలు పూడుస్తాయి. క్లచ్ వదలగానే ఇంజిన్‌ని పైకి గుంజే పని వెనక టైర్ల మీద పడుతుంది. బ్రేకింగ్‌లో బరువంతా ముందుకి వచ్చేసి వెనక భాగం అప్పటికే తేలిగ్గా ఉంటుంది. టైర్లు ఒక్క క్షణం పట్టు వదులుతాయి, తోక పక్కకి జరుగుతుంది. స్టీరింగు అప్పటికే తిప్పి ఉంటే స్పిన్నే.

అందుకే హీల్ అండ్ టో, అంటే ఒకే పాదంతో బ్రేకూ యాక్సిలరేటరూ రెండూ తొక్కడం. పేరు చూసి మోసపోకండి, ఇందులో మడమకి పెద్ద పని లేదు. కుడి పాదం బొటనవేలి కింద ఉబ్బెత్తు భాగం బ్రేక్ పెడల్ కుడి అంచు మీద ఉండాలి. బ్రేక్ గట్టిగా తొక్కండి, స్టీరింగు తిన్నగా ఉండగానే. గేరు మార్చడానికి తొందరపడొద్దు. 100 మీద ఉండగా రెండో గేరు వేస్తే ఇంజిన్ 7,400 దగ్గరికి వెళ్తుంది, రెడ్‌లైన్, అంటే ఇంజిన్ దాటకూడని హద్దు, 7,500. వేగం 90 కిందకి దిగనివ్వండి. అప్పుడు ఎడమ కాలు క్లచ్, చెయ్యి రెండో గేరు, అదే సమయంలో కుడి పాదాన్ని కొంచెం కుడికి దొర్లించి పాదం అంచుతో యాక్సిలరేటర్‌ని ఒక్క తట్టు తట్టాలి. సూది లేచింది, క్లచ్ వదిలారు, బండికి గేరు మారినట్టే తెలియదు. ఒక్క కుదుపు కూడా రాకపోతే సరిగ్గా చేసినట్టు.

ఇందులో ఈ బండి ప్రత్యేకత ఏంటంటే యాక్సిలరేటర్ పెడల్. చాలా కార్లలో అది పైనుంచి వేలాడుతుంది. ఇందులో నేలకే కీలు ఉంటుంది, హార్మోనియం పెట్టెకి గాలి కొట్టే రేకులాగా. మడమ నేల మీద ఉంచి పాదం దొర్లిస్తే చాలు, పెడల్ కూడా అదే వంపులో కదులుతుంది.

ఇప్పుడు విసుగు సంగతి. బ్రేక్ పెడల్, యాక్సిలరేటర్ కన్నా ఎత్తులో ఉంటుంది. గట్టిగా తొక్కినప్పుడే రెండూ ఒక మట్టానికి వస్తాయి. అంటే ట్రాక్ మీద బ్రహ్మాండం. రోడ్డు మీద సిగ్నల్ దగ్గర మెల్లగా ఆగుతూ ఇదే చేద్దామంటే, పాదం దొర్లిస్తే కింద ఖాళీయే తగులుతుంది. నేర్చుకునేవాళ్ళకి ఇది నిజంగా చిరాకు. ఎందుకంటే నేర్చుకునేది నెమ్మదిగా వెళ్తూనే కదా! యాక్సిలరేటర్ మీద బిగించే మందపాటి రేకులు విడిగా దొరుకుతాయి. కొనేముందు ఒకటి చూసుకోండి: పూర్తిగా తొక్కినప్పుడు మ్యాట్‌కి గానీ బ్రేక్ పెడల్‌కి గానీ తగులుకోకూడదు. తగులుకునే రేకు ఊరికే ఇచ్చినా వద్దు.

ప్రాక్టీసు ఇలా మొదలుపెట్టండి. బండి ఆపి, న్యూట్రల్‌లో ఇంజిన్ ఆన్ చేసి, బ్రేక్ మీద ఒకే ఒత్తిడి ఉంచి, పాదం దొర్లించి ఇంజిన్‌ని 4,000 దాకా లేపండి. ఇరవై సార్లు. ప్రతి తట్టుకీ బ్రేక్ పెడల్ కిందకి దిగుతోందంటే ఇంకా రాలేదన్నట్టే. కదిలే బండిలో అదే తప్పు చేస్తే ముక్కు ఊగుతుంది, ఏబీఎస్ మేలుకుంటుంది. దళసరి అడుగున్న రన్నింగ్ బూట్లు వేసుకోకండి, అంచు ఎక్కడుందో కాలికి తెలియదు. సీటు విషయానికొస్తే, క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండాలి. భుజాలు సీటుకి ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైభాగం మీద ఆనాలి. 2019కి ముందు ఎన్‌డీలలో స్టీరింగు ముందుకీ వెనక్కీ జరగదు. పాత బండి చూస్తున్నవాళ్ళు ముందు సీట్లో కూర్చుని ఇది చూసుకోండి, ఆ తర్వాతే మిగతా బేరం.

ఈ తట్టుని కంప్యూటరే తట్టే ఆటోమేటిక్ రెవ్ మ్యాచింగ్ ఎందుకు పెట్టలేదని అడిగేవాళ్ళుంటారు. నిస్సాన్ 370జెడ్‌లో 2009 నుంచే ఉంది, అద్భుతంగా పనిచేస్తుంది కూడా. మనిషి ఎంత బాగా తట్టినా ఆ కంప్యూటర్ అంత కచ్చితంగా తట్టలేడు. కానీ ఈ బండి కొనేదే ఆ తట్టు కోసం. అది కంప్యూటర్‌కి అప్పజెప్పేశాక నాకు మిగిలేది రెండు సీట్ల ఇరుకు క్యాబిన్, ఎప్పుడూ మోచేతికి తగిలే కప్ హోల్డర్.

గేరు లివర్ గురించి. ఇంజిన్ బండి పొడవు వెంబడి కూర్చుంటుంది, గేర్‌బాక్స్ సరిగ్గా మీ చేతి కిందకి వస్తుంది, మధ్యలో కేబుళ్ళు లేవు. అందుకే మణికట్టు తిప్పితే గేరు పడిపోతుంది. తొలి ఎన్‌డీలలో గేర్‌బాక్స్ లోపల పళ్ళు దెబ్బతిన్న కేసులు వచ్చాయి, తర్వాత లోపలి భాగాలు మార్చారు. ఆ కాలం బండి సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే గేర్‌బాక్స్ మార్చారా అని బిల్లు అడిగి చూడండి.

దీనికన్నా పెద్ద ప్రమాదం మన చేతిలోనే ఉంది. దాన్ని మనీ షిఫ్ట్ అంటారు. మూడో గేరులో 7,500 దాకా లాగారు, బండి దాదాపు 150 మీద ఉంది. నాలుగు వేయబోయి రెండు వేశారు. క్లచ్ వదిలిన క్షణంలో చక్రాలు ఇంజిన్‌ని 11,000 దాకా తిప్పేస్తాయి. రెవ్ లిమిటర్ కాపాడదా? కాపాడదు. అది పెట్రోలు ఆపగలదు గానీ చక్రాలని ఆపలేదు. వాల్వు స్ప్రింగులు ఆ వేగాన్ని అందుకోలేవు, వాల్వులు మూసుకోకముందే పిస్టన్లు పైకొచ్చి గుద్దుతాయి. ఇంజిన్ గోవిందా.

లివర్‌ని పిడికిలితో బిగించి ఒంటి వైపు లాగడమే దీనికి కారణం. స్టీరింగు ఎడమ వైపున్న బండిలో కుడి చేత్తో అలా లాగితే లివర్ ఎడమకి, అంటే రెండో గేరు వైపు పోతుంది. కుడి స్టీరింగు బండిలో అదే పొరపాటు ఆరో గేరులో పడేస్తుంది. బండి నీరసపడినట్టు ఉంటుంది, ఇంజిన్ మాత్రం బతుకుతుంది. ఎటు స్టీరింగైనా సరే, పిడికిలి వద్దు. మూడు నుంచి నాలుగుకి రెండు వేళ్ళతో తిన్నగా వెనక్కి లాగితే చాలు, లివర్‌ని మధ్యలో నిలబెట్టే పని స్ప్రింగులు చూసుకుంటాయి.

బాడీ రోల్ మీద కంప్లయింట్లు మీరు వినే ఉంటారు. నిజమే, మలుపులో ఈ బండి పడవలా వాలుతుంది. స్ప్రింగులు మెత్తన. నా లెక్కలో అది లోపం కిందకి రాదు. వాలుడు ఎంత వేగంగా మొదలైందో చూస్తే స్టీరింగు ఎంత మొరటుగా తిప్పారో మీకే తెలిసిపోతుంది. 2022 నుంచి ఉన్న కేపీసీ (కైనమాటిక్ పోశ్చర్ కంట్రోల్), మలుపులో లోపలి వెనక చక్రానికి చాలా స్వల్పంగా బ్రేక్ వేసి ఆ మూలని కిందకి లాగి పట్టుకుంటుంది. దానికి అదనపు భాగం ఒక్కటీ లేదు, అంతా సాఫ్ట్‌వేరే. 2024లో వచ్చిన కొత్త డిఫరెన్షియల్ ఇంకా పనికొచ్చేది. యాక్సిలరేటర్ వదిలినప్పుడు ఒక రకంగా, తొక్కినప్పుడు ఇంకో రకంగా బిగుసుకుంటుంది. బ్రేక్ నుంచి మలుపులోకి వెళ్ళే చోట, అంటే మనం ఇందాకటి నుంచి మాట్లాడుతున్న చోటే, వెనక భాగం పాత బండి కన్నా కుదురుగా ఉంటుంది. బండి జారకుండా చూసే డీఎస్‌సీ అనే వ్యవస్థకి ట్రాక్ మోడ్ కూడా అప్పుడే వచ్చింది. తోక కొంచెం జారనిస్తుంది, చెయ్యి దాటిపోతోందనుకుంటేనే పట్టుకుంటుంది. మొదటి రోజు అదీ వద్దు, మామూలు మోడ్‌లోనే తిరగండి. డీఎస్‌సీ లైటు ఎక్కడ మిణుకుమందో గుర్తుపెట్టుకోండి, అక్కడ మీరు ఏదో తప్పు చేస్తున్నారు.

బ్రేకుల విషయం కొంచెం సీరియస్. మనిషితో కలిపి 1,150 కిలోల బండిని 150 నుంచి 80కి దింపితే సుమారు 7 లక్షల జౌళ్ళ వేడి పుడుతుంది. రెండు లీటర్ల మామూలు నీళ్ళని మరిగే దాకా కాచడానికి ఇంతకన్నా తక్కువే చాలు. అదంతా రెండున్నర సెకన్లలోపు, ఒక్క మలుపుకి. రోడ్డు మీద వాడే బ్రేక్ ప్యాడ్లు దీనికోసం చేసినవి కావు, ఏ కంపెనీ కారైనా అంతే. రెండు రకాలుగా చేతులెత్తేస్తాయి. పెడల్ రాయిలా గట్టిగా ఉండి బండి ఆగకపోతే ప్యాడ్లు మాడినట్టు. పెడల్ దూదిలా మెత్తబడి నేలకి దిగిపోతుంటే బ్రేక్ ఆయిల్ మరిగి బుడగలు పుట్టినట్టు. రెండోది మరీ ప్రమాదం. అప్పుడు పెడల్‌ని గబగబా రెండు మూడు సార్లు కొట్టండి, కొంత ఒత్తిడి తిరిగొస్తుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పీల్చుకున్నాక ఆ హామీ 155కి పడిపోతుంది. ట్రాక్‌కి ముందు ఆయిల్ మార్చమనేది అందుకే. ప్యాడ్ల కన్నా ముందు అదే మార్చండి.

టైర్లు. కంపెనీ చెప్పేది చల్లగా ఉన్నప్పుడు 29 పీఎస్‌ఐ. టైరు లోపలి గాలి 25 డిగ్రీల నుంచి 75కి వేడెక్కితే అది 36 అవుతుంది. అప్పుడు నడి భాగం ఉబ్బి, అంచులు రోడ్డుని సరిగ్గా తాకవు. సెషన్ (ట్రాక్ మీద ఒక విడత) అయ్యీ అవగానే కొలిచి, నాలుగూ 32 దగ్గరికి వచ్చేలా గాలి తీయండి. సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు మళ్ళీ నింపుకోవాలి, చాలామంది మరిచిపోయేది ఇదే. వీల్ నట్లు టార్క్ రెంచితో చూసుకోండి, 108 నుంచి 147 న్యూటన్ మీటర్ల మధ్య ఉండాలి.

హెల్మెట్ పెట్టుకుని కూర్చుని చూశాకే ట్రాక్‌కి డబ్బు కట్టండి. టాప్ లేని బండికి రోల్ బార్ (బండి బోల్తా పడితే తలని కాపాడే గట్టి కడ్డీ) ఉండాలని చాలా ట్రాకులు పట్టుబడతాయి. విండ్‌షీల్డ్ పై అంచు నుంచి రోల్ బార్ పైకి ఒక కర్ర ఆనించి చూస్తారు, హెల్మెట్ ఆ గీత కన్నా కిందే ఉండాలి. సీట్ల వెనక కనిపించే ఆ రెండు వంపుల్ని చూసి రోల్ బార్ ఉందిలే అనుకోకండి. పొడుగ్గా ఉన్నవాళ్ళకి ఈ బండి ఇక్కడే అడ్డం తిరుగుతుంది.

తీర్పా? 1989లో మొదటి తరం వచ్చినప్పుడు 1.6 లీటర్ల ఇంజిన్. ఇప్పటి బండి దానికన్నా పొడవులో చిన్నది, పవర్‌లో చాలా పెద్దది. అయినా దీని రెట్టింపు పవరున్న కార్లు స్ట్రెయిట్ మీద మిమ్మల్ని దాటేస్తూనే ఉంటాయి, అద్దంలో చూసి దారి ఇచ్చేయండి. వాటిలో రెండో గేరుని రెడ్‌లైన్ దాకా వాడే మలుపు దొరకడమే కష్టం. ఇందులో ప్రతి ల్యాప్‌లో నాలుగైదు సార్లు వాడతారు. సీట్లో పడితే, హెల్మెట్ పడితే, మారుమాట లేకుండా కొనండి. పడకపోతే ఎంత నచ్చినా వదిలేయండి.

ఆఖర్న ఒకటి. సెషన్ అయ్యాక బ్రేకులు తొక్కకుండా ఒక ల్యాప్ మెల్లగా తిరిగి రండి. పార్క్ చేశాక హ్యాండ్‌బ్రేక్ లాగొద్దు, వేడి ప్యాడ్లు డిస్కుకి అంటుకుని మచ్చ పడుతుంది, మర్నాటి నుంచి బ్రేక్ తొక్కినప్పుడల్లా పెడల్ వణుకుతుంది. మొదటి గేరులో ఉంచి, చక్రం కింద చెక్క ముక్క పెట్టి దిగండి. ఉంటానండి.