4 జీబీ ర్యామ్, పదడుగుల ఫ్లెక్సీ: బాబాయి పాత సిస్టమ్ మీద గింప్ నడిచిందా?

నమస్తే అండి. వెనకాల వినపడుతున్న చప్పుడు కొబ్బరి పీచు మిల్లుది కాదు, మా బాబాయి సిస్టమ్ ఫ్యాన్‌ది. కోర్ 2 డ్యుయో అనే పాతకాలం ప్రాసెసర్. కోనసీమ అంబాజీపేటలో ఆయన స్టూడియో చూసినవాళ్లకి ఈ డబ్బా కూడా తెలిసే ఉంటుంది. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు అన్నీ దీని మీదే చేశాడు. కనుమకి దగ్గర్లోని జగ్గన్నతోటలో ప్రభల తీర్థం జాతర కదా, ఊరూరి నుంచీ ఫ్లెక్సీ ఆర్డర్లు వస్తాయి. సరిగ్గా అప్పుడే ఇది హ్యాంగ్ అవుతుంది. "ఒరేయ్, దీన్ని తూకానికి వేసేద్దాంరా" అన్నాడు. "ఒక్క వారం నాకు ఇవ్వు బాబాయ్" అని ఇంటికి తెచ్చుకున్నాను. ఫోటోలు, పోస్టర్లు చేసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ గింప్ ఆ వారంలో దీని మీద ఎలా నడిచిందన్నదే ఈ రివ్యూ.

ముందు మూత తీసి చూశాను. మన దగ్గర గాలిలో తేమ సంగతి తెలిసిందే, ర్యామ్ కాళ్లు నల్లబడిపోయి ఉన్నాయి. కరెంటు తీగ పీకేసి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ పెడితే, మధ్యమధ్యలో బీప్ కొట్టి ఆగిపోయే జబ్బు పోయింది. దీనికి పైసా ఖర్చు లేదు.

ఇందులో ఉన్నది 4 జీబీ. కానీ విండోస్ 7లో మూడుంపావే చూపిస్తోంది. బాబాయి ఇన్నాళ్లూ ర్యామ్ అమ్మిన షాపువాడిని తిట్టుకుంటున్నాడు, పాపం. వాడి తప్పేమీ లేదండి. వేసింది 32 బిట్ విండోస్. అది మొత్తం 4 జీబీ వరకే లెక్కపెట్టగలదు, అందులో కొంత లెక్క మిగతా పార్టులకి కేటాయించేస్తుంది. పైగా విడిగా గ్రాఫిక్స్ కార్డు లేకపోతే స్క్రీన్ బొమ్మకి కూడా ఈ ర్యామ్‌లోంచే వాటా పోతుంది. 64 బిట్ వేస్తే ఆ పోయిన ముక్క చాలావరకు తిరిగొచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. సిస్టమ్ స్లో అని అందరం అంటాం గానీ, మనం దాని నెత్తిన ఎంత బరువు పెడుతున్నామో ఎప్పుడూ లెక్క వేయం. బాబాయి ఫైలు తెరిచి చూశాను. పదడుగుల వెడల్పు, ఆరడుగుల ఎత్తు ఫ్లెక్సీ, 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల లెక్కన పెట్టాడు. మొత్తం 36,000 పిక్సెళ్లు (చుక్కలు) అడ్డం, 21,600 నిలువు. గుణిస్తే 77 కోట్ల పైచిలుకు. ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్లు వేసుకున్నా, ఒక్క లేయర్‌కే (బొమ్మలో ఒకదాని మీద ఒకటి పరిచే పొర) దగ్గర దగ్గర 3 జీబీ! ఉన్నదే 4. ఇంక అది హ్యాంగ్ అవక ఏం చేస్తుందండి?

అదే ఫ్లెక్సీని 72 డీపీఐలో చేస్తే 8,640 బై 5,184. నాలుగున్నర కోట్ల పిక్సెళ్లు కూడా లేవు. లేయర్‌కి 170 ఎంబీ పైమాట, అంతే. రోడ్డు పక్కన కట్టే ఫ్లెక్సీని ఎవరూ ముక్కు ఆనించి చూడరు కాబట్టి 72 సరిపోతుంది. మీరు ప్రింట్ వేయించే షాపులో ఒకసారి అడగండి, వాళ్లూ ఇదే చెబుతారు. పెళ్లి కార్డుకి మాత్రం 300 ఉండాలి, చేత్తో పట్టుకుని చదువుతారు కదా. అయినా అయిదు బై ఏడు అంగుళాల కార్డుకి 300లో కూడా లేయర్‌కి 12 ఎంబీయే. కార్డుల పని ఈ సిస్టమ్‌కి ఎప్పుడూ బరువు కాలేదు, ఫ్లెక్సీయే దాన్ని చంపింది.

రెండో బరువు మొహాలది. దాతలు, కమిటీ సభ్యులు, వాళ్ల పిల్లలు కలిపి పదిహేను గుండ్రాలు ఉంటాయి. ఒక్కరి ఫోటో తగ్గినా ఊళ్లో మాట్లాడుకోవడాలు మానేస్తారు, అది వేరే కథ. ఫోన్‌లో తీసిన 12 మెగాపిక్సెల్ ఫోటో ఫైలుగా చూస్తే 3, 4 ఎంబీ ఉంటుంది. కానీ తెరిచాక అది మడత విప్పిన చాప లాంటిది, 48 ఎంబీ పరుచుకుంటుంది. పదిహేను మందికి 720. గుండ్రంలో కనపడేది చిన్న మొహమే. ముందే విడిగా తెరిచి, 600 బై 600కి తగ్గించి, అప్పుడు తెచ్చి అతికించండి. పదిహేను మందీ కలిపి 22 ఎంబీలోపే అయిపోతారు.

ఇక సాఫ్ట్‌వేర్. నేను వేసింది గింప్ 2.10, ఉచితం. 2025లో 3.0 వచ్చింది, కానీ దానికి విండోస్ 10 కావాలి, 2.10 అయితే విండోస్ 7 మీద కూడా నడుస్తుంది. తెరవగానే ఎడిట్‌లో ప్రిఫరెన్సెస్, అందులో సిస్టమ్ రిసోర్సెస్. అక్కడ టైల్ క్యాష్ సైజ్ అని ఉంటుంది. బొమ్మ కోసం గింప్ ఎంత ర్యామ్ వాడుకోవచ్చో చెప్పేది అదే. 4 జీబీ సిస్టమ్‌లో నేను ఒకటిన్నర జీబీ ఇచ్చాను. ఎక్కువ ఇస్తే బాగుంటుందని మొదట మూడు ఇచ్చాను, విండోస్‌కే ఊపిరాడలేదు, మౌస్ కూడా కదల్లేదు. అన్‌డూ మెమరీ కూడా అక్కడే తగ్గించుకోవచ్చు. లేయర్ల చిన్న బొమ్మలు చూపించే ప్రివ్యూలు ఆపేశాను. పెద్ద లేయర్‌లో మూలన చిన్న అక్షరం ఉంటే 'క్రాప్ టు కంటెంట్' కొట్టండి, చుట్టూ ఉన్న ఖాళీ చోటు కత్తిరించేస్తుంది.

గింప్ తెరుచుకోవడానికి మొదట్లో టీ తాగొచ్చేంత టైమ్ పట్టింది. కారణం ఫాంట్లు. కార్డులు, పోస్టర్లు టైప్ చేసే డీటీపీ సిస్టమ్ కదా, ఏళ్ల తరబడి వేసిన ఫాంట్లు ఒక గుట్ట. వాడనివి తీసేస్తే తేలికపడింది.

తెలుగు అక్షరాల దగ్గర గింప్‌కి నా పూర్తి మార్కులు. యూనికోడ్‌లో, అంటే ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగులో టైప్ చేస్తే ఒత్తులు, గుణింతాలు ఎక్కడివక్కడ కూర్చుంటాయి. రామభద్ర, మల్లన్న, రవిప్రకాష్ లాంటి ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి, హెడ్డింగులకి రామభద్ర నిండుగా ఉంటుంది. బాబాయి కార్డులకి వాడే ఫోటోషాప్ 7లో యూనికోడ్ తెలుగు విరిగిపోతుంది, అందుకే ఆయన యూనికోడ్ కాని పాత పద్ధతి 'అను' ఫాంట్లు వదలడు. అలాగని ఆ ఫోటోషాప్‌ని తక్కువ చేయను. 2002లో వచ్చింది, 128 ఎంబీ ర్యామ్ ఉంటే చాలన్నారు అప్పట్లో. ఇప్పటి ఫోటోషాప్ కనీసం 8 జీబీ అడుగుతోంది, మన డబ్బాకి ఆ ఊసే వద్దు.

ఒక్క ఖర్చు మాత్రం పెట్టించాను, ఎస్‌ఎస్‌డీ, అంటే లోపల తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు. ర్యామ్ నిండాక మిగిలింది డిస్కు మీద రాస్తుంది. పాత హార్డ్ డిస్కులో ముల్లు అటూ ఇటూ పరుగెత్తాలి, అక్కడే మనకి ప్రాణం పోయేది. పాత బోర్డులో ఎస్‌ఎస్‌డీ పూర్తి వేగం రాకపోయినా తేడా కంటికి కనపడింది.

గింప్ కాక నేను చూసిన మిగతా ఉచిత సాఫ్ట్‌వేర్లు గబగబా చెప్పేస్తాను. ఇంక్‌స్కేప్ బోర్డర్లకీ, లోగోలకీ బాగుంది. ఫోటో తెచ్చేటప్పుడు ఎంబెడ్ (ఫోటోని ఫైల్లోనే కలిపేయడం) కాకుండా లింక్ పెట్టండి, బ్లర్ ఎఫెక్టులు పెట్టారో ఏడిపిస్తుంది. క్రిటా బొమ్మలు గీసేవాళ్లకి బంగారం, కానీ దీని మీద బ్రష్ చెయ్యి కంటే వెనకబడింది. ఫోటోపియా ఇన్‌స్టాల్ అక్కర్లేదు, బ్రౌజర్‌లోనే పని, కానీ బ్రౌజరే సగం ర్యామ్ మింగేసింది. చిన్న పోస్టర్లకైతే సరే.

గింప్ 2.10లో నేరుగా సీఎంవైకేలో (ప్రింటింగ్‌కి వాడే నాలుగు ఇంకుల రంగుల పద్ధతి) పనిచేయడం కుదరదు. రంగు కచ్చితంగా రావాల్సిన కార్డుల పని ఉన్నవాళ్లు అది చూసుకోండి. మా ఫ్లెక్సీలో కాషాయం తెరమీద కంటే కొంచెం మాడినట్టు వచ్చింది, ముందు చిన్న ముక్క ప్రింట్ వేయించుకుని ఉంటే బాగుండేది.

బాబాయి సిస్టమ్ తిరిగి స్టూడియోకి వెళ్లిపోయింది. ఫ్లెక్సీలు గింప్‌లో, కార్డులు ఆయన పాత ఫోటోషాప్‌లో. నెట్ తీగ మాత్రం పీకేశాను, విండోస్ 7కి 2020 నుంచి అప్‌డేట్లు లేవు, ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోనే తిరుగుతాయి. మీ సిస్టమ్‌లో ర్యామ్ ఎంత, ఫ్లెక్సీ ఎన్ని అడుగులు, లేయర్లు ఎన్నో కింద కామెంట్‌లో పెట్టండి. నడుస్తుందో లేదో లెక్క కట్టి చెబుతాను.